అమ్మ మోచేయి, ఇరవై ఐదో నంబరు కెమెరా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫొటో దిగడం వేరు, ఫొటోలో పడడం వేరు. ఇప్పుడు ఫోను పైకెత్తితే పెళ్ళిపందిరంతా అందులో ఇమిడిపోతోంది కాబట్టి ఈ తేడా ఎంత చెప్పినా మా పిల్లలకు ఎక్కదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్‌లో మా ముందుగది పన్నెండు అడుగుల వెడల్పు. ఎదురుగోడ నుంచి నాయనమ్మ మంచం దాకా కొలిస్తే తొమ్మిది అడుగులు. ఏటా జనవరి ఒకటిన ఆ గదిలోనే మా కుటుంబ ప్రార్థన జరిగేది. చిలకలగూడ నుంచి మామయ్య వాళ్ళు, అల్వాల్ నుంచి బాబాయి వాళ్ళు, మేమూ, అందరం కలిసి పద్దెనిమిది మంది. ప్రార్థన అయ్యాక, భోజనాలకు ముందు, గ్రూప్ ఫొటో. వాకిట్లో తీసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి నాయనమ్మ మంచం దిగదు. "నన్నిక్కడ పడేసి మీరంతా వాకిట్లో పళ్ళికిలిస్తారా" అని ఆవిడ ఒకే ఒక్కసారి అడిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఫొటోలు తీసేది మామయ్య. అమ్మకు సొంత తమ్ముడు, బళ్ళో లెక్కల మాస్టారు. బంధువుల్లో కెమెరా ఉన్న మనిషి ఆయనొక్కడే కాబట్టి ఆ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు. మేం చాటుగా జూమ్ మామయ్య అనేవాళ్ళం. చర్చి శిఖరం మీద కూర్చున్న పావురం కంటిని కింద నుంచి తీశానని ఆయన గొప్ప. ఆ పావురం ఫొటో పర్సులో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవాడు. ఆ పావురాన్ని తీసిన మనిషే మా ముందుగదికి వచ్చేసరికి గోడకు వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చి, "జరగండి, ఇంకా జరగండి" అని మా ప్రాణం తీసేవాడు. మేం జరిగి జరిగి ఒకరి ఒళ్ళో ఒకరం పడ్డాక, "అక్కను పిలవండి" అనేవాడు. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి వరసలో చివర, వంటింటి గుమ్మం పక్కన నిలబడేది. (పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఆవిడ ఒక కాలు గుమ్మానికి అవతలే ఉండేది.) తీరా ప్రింటు వచ్చాక చూస్తే నాయనమ్మ ఉండేది, బాబాయి మీసం ఉండేది, గోడమీద క్యాలెండర్ కూడా తేదీలతో సహా ఉండేది. అమ్మ ఉండాల్సిన చోట ఒక మోచేయి ఉండేది. ఒక ఏడు ఆకుపచ్చ గాజుల చేతిది, ఒక ఏడు పిండి అంటిన చేతిది. మా ఆల్బమ్ తిరగేస్తే అలాంటి మోచేతులు వరసగా పదకొండు కనిపిస్తాయి. "నా మొహం మీ అందరికీ తెలిసిందేగా" అని అమ్మ నవ్వేసేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

నాకు ఇరవై మూడేళ్ళ వయసులో నాన్న రిటైర్మెంట్ వచ్చింది. జనవరి నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి, అల్వాల్‌లో కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోవాలి. అంటే రాబోయే ఒకటో తారీఖు ప్రార్థనే ఆ గదిలో మాకు ఆఖరుది. పాతికేళ్ళు అమ్మ ఆ గదికీ వంటింటికీ మధ్య తిరిగింది. ఆ గదిలో ఆవిడ మొహం ఉన్న గ్రూప్ ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈసారి అమ్మ పూర్తిగా పడాలి, ఈ గదిలోనే పడాలి, కెమెరా నేను కొంటాను అని డిసెంబరు మొదటివారంలో అందరి ముందూ ప్రకటించాను. ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయినా నా నోటికి మాత్రం పదేళ్ళ సర్వీసు ఉండేది.

మామయ్య నవ్వాడు. "నెల ఆగవే. అల్వాల్‌లో హాలు ఇరవై అడుగులు. అక్కడ నా కెమెరాలోనే అక్క నిండుగా పడుతుంది. దీనికింత హడావుడెందుకు?"

"నాకు ఈ గదిలో కావాలి మామయ్యా."

"సరే, కొనుక్కో. కొంటే మటుకు జూమ్ చూసి కొనుక్కో. దూరంగా ఉన్నదాన్ని చూపిస్తేనే అది కెమెరా. దగ్గరున్నవాటిని చూడ్డానికి దేవుడు కళ్ళిచ్చాడు."

నేను పనిచేసేది ఒక బీమా ఆఫీసులో. అక్కడ యాక్సిడెంట్ బళ్ళ ఫొటోలు తీసే సర్వేయర్ గారొకాయన ఉండేవారు. మేమంతా డొక్కు సార్ అనేవాళ్ళం (మనిషి బాగానే ఉండేవారు, ఆయన తీసే బళ్ళే డొక్కు). మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర నా మొహం చూసి, "ఏందమ్మా, పరేషాన్‌ల ఉన్నవ్?" అన్నారు. గది కొలతలు, మోచేతులు, మామయ్య, అన్నీ చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపి శ్రద్ధగా విన్నారు.

"గోడకు ఆనుకున్నంక సుత పడ్తలేదంటే అది మీ మామ తప్పు గాదు, లెన్సు తప్పు. నేను ఇరుకు షెడ్లల్ల బండికీ గోడకూ నడుమ జొర్రి ఫొటోలు తీస్త. నాకు జూమ్ ఏం జేస్కుంటనమ్మా? డబ్బా మీద ఒక నంబర్ ఉంటది సూడు. అది ఎంత తక్కువుంటే అంత వెడల్పు వస్తది. ముప్పై అయిదంటే మామూలు. ఇరవై ఎనిమిది మంచిది. ఇరవై అయిదు దొరికిందనుకో, నీ గది మొత్తం గుంజుకొస్తది."

"అంత చిన్న నంబరుకా సార్?"

"ఒక్కటే తక్లీఫ్. అంచుల నిలబడ్డోళ్ళు జెర అడ్డంగ సాగుతరు. నా ఫొటోలల్ల స్కూటర్ సుత ఆటో లెక్క కనిపిస్తది. గంతే తప్ప ఇంకేం లేదు. ఇంకో మాట, షాపుల వాళ్ళు చెప్పింది విని కొనకు. మనుషులను నిలబెట్టి, సూస్కోని కొను."

ఆ చివరి మాట నా బుర్రలో పడింది. ఆ సాయంత్రమే అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి గదంతా కొలవడం మొదలుపెట్టాను. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగుతుంటే నాయనమ్మ కళ్ళు తెరిచి కాసేపు చూసింది. "ఇంకా టైముందిలేవే. అంత తొందరేం లేదు" అంది. (తన శవపెట్టెకు కొలతలు తీసుకుంటున్నానని ఆవిడ అనుకుంది. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. చందనం రంగు వేయించమని మాత్రం చెప్పింది.)

ఆదివారం ఆరాధన అయ్యాక సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక కెమెరా షాపుకు వెళ్ళాను. నన్నెవరూ మోసం చేయకుండా మామయ్య కూడా వెంట వచ్చాడు. గుప్పిట్లో పట్టేటంత చిన్న కెమెరాలు అద్దాల బల్ల మీద మూడు పెట్టాడు షాపాయన. ఒకటి ముప్పై ఐదు, ఒకటి ఇరవై ఎనిమిది, ఒకటి ఇరవై ఐదు. ముప్పై ఐదుకు జూమ్ బోలెడంత. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నవాడు మళ్ళీ కింద పెట్టలేదు. ఇరవై ఐదే అన్నిటికన్నా వెడల్పు అని షాపాయన చెప్పేసరికి ఆయనలోని మాస్టారు మేలుకున్నాడు.

"నేను ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నానండీ. ముప్పై ఐదు కన్నా ఇరవై ఐదు ఎక్కువని ఎవడైనా రాస్తే సున్నా వేస్తాను."

"అది లెక్కలల్ల సార్. ఇది లెన్సులు," అన్నాడు షాపాయన.

నేను చేతిసంచీలోంచి టేపు తీశాను. షాపాయన టేపునూ నన్నూ మార్చిమార్చి చూశాడు. "ఏందమ్మా, కెమెరా కొననీకొచ్చినవా, జాకెట్టు కుట్టిపియ్యనీకొచ్చినవా?"

షాపు మరీ ఇరుకు కాబట్టి అందరం ఫుట్‌పాత్ మీదికి వచ్చాం. పక్కషాపు షట్టర్ దించి ఉంది. దాని ముందు పన్నెండు అడుగులు కొలిచి రెండు కొసల్లో రెండు రాళ్ళు పెట్టాను. ఎదురుగా తొమ్మిది అడుగుల దూరంలో ఇంకో రాయి పెట్టి, ఇదే మా ఎదురుగోడ అన్నాను. ఇక మనుషులు కావాలి. షాపాయన, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు, వాచ్‌మన్, కెటిల్‌తో సహా చాయ్ అమ్మే ఆయన, బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు వరసలోకి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ కొంగు సర్దుకుని, "ఏ పేపర్ల వస్తదమ్మా?" అని అడిగింది. పేపర్లో రాదని చెప్పినా ఆవిడ కదల్లేదు. చాయ్ ఆయనను మా నాయనమ్మను చేసి మధ్యలో కూర్చోబెట్టాను. మామయ్యను తీసుకెళ్ళి వరస చివరున్న రాయి దగ్గర నిలబెట్టాను.

"నేనెందుకే ఇక్కడ?"

"నువ్వు అమ్మవి మామయ్యా. వంటింట్లోంచి ఇప్పుడే వచ్చావు. అక్కడే నిలబడు."

మూడో రాయి దగ్గర నిలబడి మొదట మామయ్యకు నచ్చిన ముప్పై ఐదుతో తీశాను. ఆయన పరుగున వచ్చి వెనకవైపు చిన్న తెరలోకి తొంగిచూశాడు. కెటిల్ మెరుస్తోంది. వాచ్‌మన్ అటెన్షన్‌లో ఉన్నాడు. పేపర్ ఆవిడ చక్కగా నవ్వుతోంది.

"నేనేడీ?"

చివరికి వేలు పెట్టి చూపించాను. పొట్టిచేతుల చొక్కా అంచు, దాని కింద ఒక మోచేయి.

"ఇది మోచేయి కదే" అన్నాడు మామయ్య.

"అవును మామయ్యా."

ఆయన వెళ్ళి మళ్ళీ తన రాయి దగ్గర నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదిలో ఒక భుజం, ఒక చెవి వచ్చాయి. ఇరవై ఐదుతో తీసినప్పుడు చెప్పులతో సహా మామయ్య మొత్తం వచ్చాడు, ఆయన పక్కనున్న కరెంటు స్తంభం కూడా వచ్చింది. డొక్కు సార్ చెప్పినట్టే పొట్ట మరో అరగజం అడ్డంగా సాగింది. మామూలుగా అయితే ఆ పొట్టకు ఆయన షాపు పీకి పందిరేసేవాడు. ఆ రోజు తెరను చాలాసేపు చూసి, "పదకొండేళ్ళూ నేనే కదే తీసింది" అన్నాడు. "గోడ తగులుతోందా లేదా అని చూసుకున్నానే గానీ, అక్క పడిందా లేదా అని ఒక్కనాడూ చూడలేదు." తర్వాత షాపాయన వైపు తిరిగి, "ఆ ఇరవై ఐదే ఇవ్వండి" అన్నాడు. నా జన్మలో మామయ్య బేరం ఆడకుండా ఉండడం చూసింది ఆ ఒక్కసారే. నేను విజయగర్వంతో ఫుట్‌పాత్ మీద వరసకంతా చాయ్ ఇప్పించాను.

ఒకటో తారీఖు రానే వచ్చింది. ప్రార్థన అయింది. అందరూ మంచం చుట్టూ చేరారు. ఈసారి ఫొటో తీయడానికి మామయ్య అక్కర్లేదు, టైమర్ ఉంది. ఎదురుగోడకు ఆనించిన కుట్టుమిషన్ మీద కీర్తనల పుస్తకాలు నాలుగు పేర్చి, వాటిమీద కెమెరా పెట్టాను. అలవాటు కొద్దీ దగ్గరికి జరుగుతున్న వాళ్ళందరినీ, "జరగొద్దు, హాయిగా కూర్చోండి" అన్నాను. ఆ గదిలో అలాంటి మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. అమ్మను మధ్యలో, నాయనమ్మ పక్కన కూర్చోబెడదామని అప్పటికే ఒక స్టూలు వేసి ఉంచాను. అమ్మ గరిటెతో సహా వచ్చి స్టూలు వైపు చూసి, "అక్కడ కూర్చుంటే కుర్మా అడుగంటుతుంది" అని తన పాతచోటుకే, ఆ గుమ్మం పక్కకే వెళ్ళి నిలబడింది. ఇంకో రోజైతే కేకలేసేదాన్ని. ఈసారి సరేననుకున్నాను. ఆ చోటు కోసమే కదా ఇంత చేసింది.

టైమర్ నొక్కాను. పది సెకన్లు. గదికి ఆ చివర నాకోసం ఖాళీ ఉంచుకున్నాను. మధ్యలో బాబాయి కాళ్ళు చాపుకుని ఉన్నాడన్న సంగతే లెక్కలో వేసుకోలేదు. ఆయన కాళ్ళు దాటబోయి, స్టూలు తగిలి, పిన్ని భుజం పట్టుకుని, చివరిదాకా వెళ్ళి నేల మీద పడ్డాను. అమ్మ గరిటె ఎత్తిపట్టుకుని పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడు కెమెరా క్లిక్‌మంది.

తర్వాత ఇంకో రెండు తీశాం. వాటిలో అందరూ కొయ్యల్లా ఉన్నారు, నాయనమ్మ ఆవలించింది, అమ్మ అప్పటికే కుర్మా దగ్గరికి వెళ్ళిపోయింది. మొదటిదే నిలిచింది. అందులో అమ్మ ఉంది. తల నుంచి పాదాల దాకా, గరిటెతో, నవ్వుతో, తన చోటులో తను ఉంది. అంచున నిలబడింది కాబట్టి అడ్డంగా బాగా సాగింది. జీవితమంతా పుల్లలా ఉన్న మనిషి ఆ ఫొటోలో నిండుగా, జమీందారిణిలా కనిపించింది. లెన్సు సంగతి చెప్పి క్షమాపణ అడగబోతే అమ్మ ప్రింటును వెలుతురులో పెట్టి చూసుకుంటూ, "ఊరుకోవే. ఇన్నాళ్ళకు ఒళ్ళు చేసినట్టున్నాను" అంది. మామయ్య ఆ ప్రింటు ఒకటి అడిగి తీసుకుని, పర్సులో పావురాన్ని తీసేసి దాన్ని పెట్టుకున్నాడు. నా విజయానికి అంతకన్నా పతకం ఏం కావాలి.

అల్వాల్ ఇంటి హాలు ఇరవై అడుగులు. అక్కడ నా ఇరవై ఐదు నంబరు కెమెరాతో ఏం తీసినా మనుషులు చీమల్లా, గోడలు మైదానంలా వచ్చేవి. రెండేళ్ళకు దాన్ని బీరువాలో పెట్టేశాం. నాయనమ్మ ఆ తర్వాత మూడేళ్ళుండి, చందనం రంగు పెట్టెలోనే వెళ్ళింది. ఆ ఫొటో మాత్రం పెద్దది చేయించి హాల్లో తగిలించింది అమ్మ. ఇంటికి ఎవరొచ్చినా దాని ముందుకు తీసుకెళ్ళి, "ఇదిగో, ఇది నేను" అని తనను చూపిస్తుంది. తర్వాత వేలును మెల్లగా ఇటు చివరికి, నేల దగ్గరికి తెస్తుంది. అక్కడ బాగా సాగిపోయిన ఒక మోచేయి ఉంది.

"ఇది మా అమ్మాయి. కెమెరా తనే కొంది."

మొన్న మా పిల్లలు, ఆ మూలను ఫోనులో సరిచేసి నన్ను అతికిస్తామన్నారు. వద్దన్నాను. నలభై దాటాక ఇప్పుడు నేనూ చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చి నిలబడుతున్నాను. ఆ ఫొటో ముందు నిలబడినప్పుడల్లా, టేపు పట్టుకుని ఫుట్‌పాత్ మీద రాళ్ళు పేర్చిన ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. పన్నెండు అడుగులూ కొలిచింది గానీ, తనకు ఎంత చోటు కావాలో కొలుచుకోవడం మరిచిపోయింది.