మా వీధి మొగదల నడక

డ్రిల్లు అయ్యవారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను అరుగు మీద రాగులు చెరుగుతుంటే, నా కొడుకు బడివేళలో ఇంటికి రావడం కనిపించింది. ఆ వేళకు వాడు పిల్లలకు పాఠం చెబుతుండాలి. మెల్లగా నడిచి వచ్చాడు. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకొని నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, అయ్యవారు పోయినారు. నిద్రలోనే. మొగం శానా నిమ్మళంగా ఉండాది."

ఏడవడానికి ముందు నేను వాడి పాదాలు చూశాను. అలాంటి కబురు తెచ్చేటప్పుడు కూడా పరుగెత్తకుండా వచ్చాడు. అలా రావాలని వాడికి నేర్పింది ఆ పోయిన మనిషే.

నాకు చదువు తక్కువ. ఆదివారం బడిలో అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. ఆయన గురించి మన సంఘపత్రికకు నాలుగు మాటలు రాయమని పాదిరిగారు అడిగినప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. ముఖ్యమైనది మరిచిపోతానేమో, ముసలిది ఏమేమో రాసిందని చదివినవాళ్ళు నవ్వుతారేమో అని ఒకటే గుబులు. ఆయనే ఉంటే, "అక్కా, దిగులుపడేదానికి ఏమీ దొరకలేదని కూడా దిగులుపడతావు నువ్వు," అని నవ్వేవారు.

మా సీమలో మనిషి ఊరికే పరుగెత్తడు. ఈ ఎండలో, ఈ రాళ్ళలో ఎవరైనా పరుగెత్తుతున్నారంటే ఎక్కడో ఎవరో పోయి ఉండాలి, లేకుంటే గడ్డివామికి నిప్పు అంటుకొని ఉండాలి, లేకుంటే ఏరు వచ్చి ఉండాలి. నా పెనిమిటి నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం మా సందులోంచి కాళ్ళ చప్పుడు వచ్చింది. మనిషి వాకిట్లోకి రాకముందే నాకు తెలిసిపోయింది. బండ జారిందని అతను చెప్పిన మాట ఆ తరువాతిది. అది మొదలు ఎవరు పరుగెత్తినా, ఆడుకునే పసిపిల్లలైనా సరే, చేతిలో పని ఆగిపోయేది. పొయ్యి మీద సంగటి మాడిపోతున్నా కదలలేకపోయేదాన్ని.

మొదటి యుద్ధం ముగిశాక అయ్యవారు పటాలం విడిచి బస్రా నుంచి తిరిగి వచ్చి మా కమలాపురం బడిలో డ్రిల్లు నేర్పడానికి కుదిరారు. సన్నటి మనిషి, మోకాళ్ళదాకా కాకీ లాగు, మెడలో దారానికి కట్టిన ఈల. ఎవరు ఎదురుపడినా ముందు పాదాలు చూసి, తరువాతే మొగం చూసేవారు. సాయంత్రం బడి వదిలాక పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కడి అరికాలు తన తొడ మీద పెట్టుకొని పల్లేరుముళ్ళు తీసి ఆముదం పూసేవారు. ఏ కులంవాడి కాలని చూసింది లేదు. పెద్దవాళ్ళు కొందరు గొణిగారు. ఆయన వినిపించుకోకుండా తరువాతి కాలు అందుకున్నారు.

పడుచువాళ్ళను చేర్చి ఆయన ఒక పరుగుల జట్టు కట్టారు. ఏడాదికొకసారి కోయిలకుంట్ల, బద్వేలు, ఇంకా చుట్టుపక్కల జట్లన్నీ కలిసి పందెం పెట్టుకునేవి. చేలగుండా, వాగూ వంకా దాటి, తిప్ప చుట్టి, పల్లెల మధ్యనుంచి పరుగు. జట్టుకు నలుగురు. ఒకడు తన దారి ముగించి చేతిలోని కట్టెను రెండోవాడికి అందిస్తే వాడు అక్కడినుంచి అందుకుంటాడు. అలా చివరివాడు బడి మైదానానికి చేరాలి. గెలిచినవాళ్ళకు వెండిగిన్నె. జట్టులోకి నా కొడుకు కావాలని ఆయన మా ఇంటికి వచ్చారు.

"వద్దయ్యవారూ. వాడొక్కడే నాకు," అన్నాను.

"పరిగెత్తితే ఏమైతాదక్కా?"

ఏమవుతుందో చెప్పలేక, ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాను. చప్పుడు ఎలా వచ్చిందో, ఏ మలుపు దగ్గర వచ్చిందో కూడా చెప్పాను. ఆయన ఆ మలుపు వైపు చూశారు.

"యుద్ధంలో నా పనీ అదేనక్కా. కబుర్లు మోసుకొని పరిగెత్తేది. నన్ను దూరం నుంచి చూసినప్పుడు ఆ సిపాయిల మొగాలు ఎట్ల మారిపోయేవో నాకు తెలుసు. ఒకపారి సెలవు దొరికిందని మంచి కబురే తీసుకపోయినా. నేను నోరు తెరిచేలోపల ఒకడు కూలబడిపోయినాడు." లేచి తలగుడ్డ సర్దుకున్నారు. "నీ వీధిలో నా జట్టోళ్ళు ఎవురూ పరిగెత్తరు. మొగదలకు వస్తానే నడుస్తారు. కొడుకును పంపేదీ పంపనిదీ నీ ఇష్టం."

వారం పాటు సాయంత్రాలు కాచుకొని కూర్చున్నాను. జట్టు వంకవైపునుంచి దూసుకొచ్చేది. మా వీధి మొగదల చప్పుడు ఆగేది. రొప్పుతూ, చెమటతో, పెళ్ళిపెద్దల్లాగా నడిచి మా ఇల్లు దాటేవాళ్ళు. వెనక ఆయన. ఎనిమిదో రోజున కొడుకును పంపాను.

మొదటి పందెం మాత్రం నవ్వులపాలైంది. నా కొడుకు కట్టె పట్టుకొని పక్కపల్లె కళ్ళం పక్కగా పోతుంటే, అక్కడ మంచం మీద కూర్చున్న ముసలి రెడ్డి కేకేశాడట.

"ఏమప్పా, ఎవురు సచ్చిపోయినారు?"

పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పకుండా పోగూడదని వాడిని పెంచింది నేనే. వాడు ఆగి చేతులు జోడించాడు.

"ఎవురూ సావలేదు తాతా."

"మరి యాడికి పరిగెత్తుతాండావు?"

"పందెం తాతా."

"ఏం పందెం? ఆ కట్టె ఎవురిది? నువ్వు ఎవురి కొడుకువి?"

అన్నింటికీ వరుసగా జవాబు చెప్పాడు. ఈలోపల కోయిలకుంట్లవాడు దాటిపోయాడు, బద్వేలువాడు దాటిపోయాడు. మైదానంలో కోయిలకుంట్ల పిల్లలు, "కమలాపురమోళ్ళు పందేనికి రాలేదప్పా, చుట్టంచూపుకు వచ్చినారు. మజ్జిగ తాగి పోతారులే," అని ఒకటే ఎగతాళి. నా కొడుకు రెండు దినాలు తల ఎత్తలేదు. అయ్యవారు తిడతారని నేను వణికాను. ఆయన వచ్చి వాడి పక్కన కూర్చొని, "పెద్దాయనకు జవాబు చెప్పినోణ్ణి ఎట్ల తిట్టేదక్కా? దారి చూసినా గానీ దారిలో ఉండే మనుసుల్ని చూసుకోలేదు. అది నా తప్పు," అన్నారు.

మరుసటి ఏడు పందేనికి ముందు ఆయన ఆ దారిలోని ప్రతి పల్లెకూ పోయారు. ప్రతి గడపలోనూ ఒకటే మాట. "పిల్లోళ్ళు పరిగెత్తుకుంటా వస్తారు. ఎవురూ సావలేదు. అడగొద్దండి." ఆ ముసలి రెడ్డి అన్నాడట: "ఎవురూ సావకుండానే పరిగెత్తుతారా? మీ బడిలో సంగటి ఎక్కువైనట్లుండాది." అయ్యవారు అక్కడే కూర్చొని సంగటి తిని, మాట్లాడి, చివరికి ఆ రెడ్డి మనుమడినే జట్టులోకి అడిగి తెచ్చారు. నా కొడుకు చేతినుంచి కట్టె అందుకోవలసింది ఆ పిల్లవాడే, ఆ కళ్ళం దగ్గరే. చేతినుంచి చేతికి. ఊరంతా చూస్తుండగా. మా కులంవాళ్ళ చేతుల్లోని వస్తువు వాళ్ళు నేలమీద పెట్టించుకొని తీసుకునే రోజులవి. ఆ పందేనికి నా భయాలు రెండయ్యాయి.

"ఇచ్చేటప్పుడు మొగం చూడొద్దు, చెయ్యి చూడు," అని అయ్యవారు ఇద్దరికీ చెప్పి పంపారు.

పందెం దినాన నేను మైదానానికి పోలేదు. తలుపు మూసుకొని, తిరగలిలో విసిరిన పిండినే మళ్ళీ విసురుతూ కూర్చున్నాను. గెలిచినా పరుగెత్తుకుంటూనే వచ్చి చెబుతారు. వాడు పడినా, ఆ కళ్ళం దగ్గర కొట్లాటై తలలు పగిలినా పరుగెత్తుకుంటూనే వస్తారు. చప్పుడును బట్టి ఏదని తెలుసుకునేది? పొద్దు వాలింది. దూరంగా అరుపులు, ఆ తరువాత కాళ్ళు. ఒకటి రెండు కావు, మందకు మంద. తిరగలి పిడి పట్టుకొని కళ్ళు మూసుకున్నాను.

వీధి మొగదల చప్పుడు ఆగిపోయింది.

లేచి తలుపు తీశాను. నిండుకుండలు ఎత్తుకున్నవాళ్ళలాగా జట్టంతా మెల్లగా నడిచి వస్తోంది. రొమ్ములు ఎగిసిపడుతున్నా నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగించుకున్నారు. ఊరి పిల్లలు కూడా వెనక నడుస్తున్నారు. అందరికన్నా ముందు అయ్యవారు, నా కొడుకు రెక్క పట్టుకొని.

"అక్కా, ఇదిగో నీ కొడుకు," అన్నారు.

నేను వాడి తల, మోచేతులు, మోకాళ్ళు తడిమి చూసుకునేదాకా ఆగి, "గెలిచినాం," అన్నారు. అప్పుడు అరిచారు పిల్లలు.

"ఆ పెద్దాయన ఏమన్నాడు?" అని అడిగాను.

"మనుమడు కట్టె అందుకున్నప్పుడు లేచి నిలబడినాడక్కా. కొట్లాటకు వస్తాడేమో అనుకున్నా. 'ఎవురప్పా ముందు?' అని మాత్రం అడిగినాడు."

ఆ వెండిగిన్నె తరువాత ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు పోయిందో నాకు తెలియదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. బడి పక్క గదిలో ఆముదం సీసా, ఈల, రెండు లాగులు, ఇవే ఆయన ఆస్తి. మా వీధికి వచ్చినప్పుడల్లా మలుపు దగ్గర దగ్గేవారు, నేను ఉలిక్కిపడకుండా. ఆయనకు దగ్గు లేదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నిన్న సాయంత్రం ఇప్పటి జట్టు పిల్లలు వంకవైపునుంచి వచ్చారు. ఆయన లేకపోయినా వచ్చారు. మొగదల దగ్గర నడకలోకి దిగారు. ముందున్న పిల్లవాణ్ణి పిలిచాను.

"ఏమప్పా, ఈడ నడుస్తాండారెందుకు?"

"ఏమో అవ్వా. ఈ వీధిలో నడవల్లంట. మా ముందోళ్ళు చెప్పినారు."

"ఎందుకని అడగలేదా?"

"అయ్యవార్ని అడిగినాం. రాళ్ళుండాయి, కాళ్ళకు తగులుతాయి అన్నాడు."

మా వీధిలో రాళ్ళు లేవు. ఇన్నేళ్ళలో నా భయం సంగతి ఆయన ఒక్కరికీ చెప్పలేదు.

"రాళ్ళు తీసేసినారప్పా. ఇంక పరిగెత్తండి," అన్నాను.

వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "అయ్యవారు తిడతాడేమో అవ్వా," అన్నాడు వెనకనున్నవాడు అలవాటు కొద్దీ. అని తల వంచుకున్నాడు.

"తిట్టడులే. పోండి."

మొదట జంకుతూ, తరువాత ఒక్కసారిగా పరుగెత్తారు. నేను చెంబు పట్టుకొని నిలబడ్డాను. చప్పుడు నా గడప దాటింది, మలుపు తిరిగింది, బడివైపు పోయింది. వాళ్ళు లేపిన దుమ్ము పొద్దువాలు వెలుగులో ఎర్రగా నిలిచి ఉంది. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లే వేళ అది. చెంబు చేతిలోనే ఉంది. ఆ దుమ్ము దానంతటదే దిగేదాకా చల్లలేదు.