నేను గెలిపించిన ఆరు గుర్రాలు

జీవితంలో నేను గుర్రం ఎక్కలేదు. గుర్రం మీద పైసా పందెం కాయలేదు. దగ్గరగా చూసిన గుర్రాలు కూడా పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మోతకు బెదిరిపోయే ముసలివే. అయినా గుర్రాల మూలంగా నా పరువు సముద్రాలు దాటి మరీ పోయింది. అందరి పరువూ వీధిలోనో, చుట్టాల్లోనో పోతుంది. నాది నెల్లూరులో బయల్దేరి, నేను పేరు కూడా సరిగ్గా పలకలేని ఊళ్ళకు వెళ్ళి అక్కడ పోయింది. ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి గానీ కాస్త పొదుపుగా నవ్వుకోండి. మొదట్లోనే ఖర్చుపెట్టేస్తే చివరికి మిగలదు.

బీకాం ఫస్ట్ క్లాసులో పాసయ్యాక కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం వస్తుందని రెండేళ్ళు ఎదురుచూశాను. పోర్టుకు నా సంగతి తెలియదు. ఆఖరికి నెల్లూరులో ఒక మందుల షాపు పై అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసులో చేరాను. విదేశీ వెబ్‌సైట్లకు కావలసిన రాతపని చేసిపెట్టడం వాళ్ళ వ్యాపారం. ఎనిమిది మందిమి. ఒకరు పరుపుల గురించి రాసేవారు, ఒకరు కుక్కల తిండి గురించి రాసేవారు. మా అందరి మీద సుగుణక్క. ఆదివారం చర్చిలో పాటల బృందం ముందు నిలబడే మనిషి, సోమవారం మా ముందు నిలబడేది. రెండు చోట్లా శ్రుతి తప్పితే ఊరుకునేది కాదు.

నేను చేరిన వారమే, గుర్రప్పందేల గురించి రాసే అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోయాడు. అక్క నన్ను పిలిచింది.

"భాస్కర్, గుర్రాల గురించి తెలుసా నీకు?"

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"పరిగెత్తుతాయి."

అక్క కాసేపు నన్ను చూసి, వేరే దిక్కులేక చెప్పడం మొదలుపెట్టింది. "ఇవి ఊరికే పరిగెత్తేవి గాదు. కంచెలు దూకతా పోయే పందేలు. మూడు మైళ్ళు, ఇరవై కంచెలు. అక్కడ అది చట్టప్రకారం జరిగేదే. మనం పందెం కాసేది లేదు, ఇక్కడ ఎవరికీ చెప్పేది లేదు. పందెం పాపం. రాయడం పని. అర్థమైందా?"

"పాపం వాళ్ళది, జీతం మనది. అంతేగా అక్కా?"

"ఎక్కువ మాట్లాడబాక."

నా పని ఏమిటంటే, ప్రతి శనివారం జరిగే పందెంలో ఎవరూ ఆశ పెట్టుకోని గుర్రాన్ని ఒకదాన్ని ఎంచి, అది ఎందుకు రాణించవచ్చో రాయడం. అలాంటి గుర్రాన్ని అవుట్‌సైడర్ అంటారు. గెలిస్తే ఒకటికి యాభై, అరవై ఇస్తారు. కానీ దాని మీద ఎవరూ గెలుపు ఒక్కటే నమ్ముకుని డబ్బు పెట్టరు, 'ఈచ్ వే' అని పెడతారు. అదేమిటని అడిగాను.

"కోవూరు బస్సు ఆగీ ఆగకముందే ఏం చేస్తావు నువ్వు?" అంది అక్క.

"కిటికీలోంచి కర్చీఫ్ వేస్తానక్కా."

"కిటికీ సీటు మీద కర్చీఫ్ వేసి, ఎందుకైనా మంచిదని లోపలి సీటు మీద సంచి గూడా వేస్తావే, అదే ఈచ్ వే. సగం పందెం గెలుపు మీద, మిగతా సగం మొదటి మూడు నాలుగు స్థానాల్లో యాడో ఒక చోట వస్తే చాలని. కిటికీ దొరక్కపోయినా కూర్చోనే పోతావు."

అని, పాత అబ్బాయి రాసిపెట్టి వెళ్ళిన కాగితం ఒకటి చేతికిచ్చింది. "ప్రతి గుర్రం పేరు పక్కనా దాని పాత పందేల ఫలితాలు అంకెల్లో, అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాల అర్థాలు దీంట్లో ఉండాయి. చదువుకో."

"చూస్తేనే అర్థమైపోతోంది అక్కా," అన్నాను. ఆ కాగితాన్ని టిఫిన్ బాక్సు కింద వేసుకున్నాను. సాంబారు కారి అందులో సగం ఆ రోజే పోయింది.

ఇక్కడే నా చదువు నన్ను ముంచింది. అంకెలు ర్యాంకులు, అందులో అనుమానం లేదు. మరి అక్షరాలో? పరీక్షల్లో గ్రేడులు ఉండవూ, అవే అనుకున్నాను. ఎఫ్ అంటే ఫస్ట్ క్లాస్. పి అంటే పాస్. ఆర్ అంటే రెగ్యులర్. యు దగ్గర కాసేపు ఆగాను. ఆలోచించగా యూనివర్సిటీ ర్యాంకు అని తేలింది.

మొదటి శనివారం జాబితాలో ఒక గుర్రం పేరు పక్కన ఎఫ్, పి, ఎఫ్, యు, ఎఫ్ అని ఉంది. ధర, అంటే గెలిస్తే ఇచ్చేది, ఒకటికి అరవై ఆరు. నా గుండె చెరువైంది. మాటిమాటికీ ఫస్ట్ క్లాసు తెచ్చుకుంటూ, మధ్యలో యూనివర్సిటీ ర్యాంకు కూడా కొట్టిన జీవిని లోకం ఇలా పట్టించుకోకుండా ఉండటమా? అందులో నన్ను నేనే చూసుకున్నాను. పోర్టు వాళ్ళు నాకు చేసిందే లోకం దానికి చేస్తోంది. ఆవేశంతో రాశాను. "ఈ గుర్రం నిలకడకు మారుపేరు. ప్రతిసారీ ఒకే ఫలితం సాధించడం అందరివల్లా అయ్యే పని కాదు. నేలను ఇంత ప్రేమించే గుర్రం మరొకటి లేదు."

ఒక్క అబద్ధం కూడా లేదు చూడండి అందులో.

ఆదివారం ఫలితాలు తెరిచాను. దాని పేరు పక్కన ఎఫ్. పేరు జాబితాలో అట్టడుగున ఎందుకుందని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజమే. ర్యాంకుల వాళ్ళ వరుస వేరు, గ్రేడుల వాళ్ళ వరుస వేరు కాబోలని సర్దిచెప్పుకున్నాను. సోమవారం ఆఫీసుకు మలైకాజాలు పట్టుకెళ్ళాను.

"ఏందివి?" అంది అక్క.

"మన గుర్రం ఫస్ట్ అక్కా."

"దేవునికి స్తోత్రం," అని అక్క ఒకటి తీసుకుంది.

అలా ఆరు వారాలు. నాలుగుసార్లు ఎఫ్, ఒకసారి పి, ఒకసారి యు. యు వచ్చిన వారం డబుల్ మలైకాజాలు. ఆ వెబ్‌సైట్ యజమాని డెనిస్ అనే ఆయన, మీ శీర్షికను జనం విరగబడి చదువుతున్నారు, వచ్చే మంగళవారం ఫోన్లో మాట్లాడదాం అని కబురు పెట్టాడు. జీతం పెంచుతాడని ఆఫీసంతా అనుకుంది. నేనైతే నడక కూడా మార్చాను.

ఈ కీర్తి కోవూరు దాకా పాకి, మా పెంచలయ్య మామ చెవిన పడింది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. బర్రెల బేరగాడు. బర్రె సంతలో నాలుగడుగులు వేస్తే చాలు, ఎన్ని లీటర్లిస్తుందో, ఎవరిని పొడుస్తుందో చెప్పేస్తాడు. ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అబ్బయ్యా, గుర్రాల్ని చూసి యాది గెలస్తదో చెబతా ఉండావంట?"

"చూడకుండానే చెబుతున్నా మామా."

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏళ్ళుగా చూసి కొంటా ఉండా, నాకే ఏడాదికొకటి ఎదురు తిరగతది. చూడకుండానా? ఏదీ, ఒకదాన్ని చూపీ."

నిజానికి నేనూ అంతవరకు ఒక్క పందెమూ చూడలేదు. అంకెలుండగా బొమ్మలెందుకని. ఫోన్లో నా మొదటి గుర్రం వీడియో పెట్టాను. నాలుగు కంచెలు బాగానే దూకింది. అయిదో దాని దగ్గర ముందుకాళ్ళు తగిలి బోర్లా పడింది. పైన ఉన్నాయన బంతిలా దొర్లిపోయాడు.

"పడింది గదరా."

"లేస్తుంది మామా, ఉండు."

లేచింది. ఒళ్ళు దులుపుకుని పక్కకెళ్ళి గడ్డి మేయసాగింది. మనిషి కూడా లేచి టోపీ వెతుక్కుంటున్నాడు.

"ఇది వేరే పందెం అయ్యుంటుంది," అని రెండో వారం గుర్రాన్ని పెట్టాను. అది మొదటి కంచె దగ్గరే పడింది. మూడోది సగం దూరం వెళ్ళి, ఇక చాలనుకుని ఆగిపోయింది. "ఇది తెలివిగలది," అన్నాడు మామ. యూనివర్సిటీ ర్యాంకు గుర్రాన్ని పెట్టాను. అది అన్నిటికన్నా ముందు దూసుకొచ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

"చూడు మామా, ఫస్ట్."

"పైన మనిషేడి?"

చూశాను. జీను ఖాళీగా ఉంది. మనిషి మూడు కంచెల వెనక గడ్డిలో కూర్చుని ఉన్నాడు.

మామ ఫలితాల జాబితా మీద వేలు పెట్టాడు. "ఈ ఎఫ్ అంటే ఏంది?"

"ఫస్ట్, మామా."

"పడ్డాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఫాల్..." అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదు గదా, అందుకని అడిగినా," అని మామ గ్లాసు తీసుకున్నాడు.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళి, సాంబారు మరకల కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చదివాను. ఎఫ్ అంటే పడిపోయింది. పి అంటే మధ్యలో ఆపేశారు. యు అంటే రౌతును కింద పడేసింది. ఆర్ అంటే దూకనని మొండికేసింది. నేను దేశంకాని దేశం వాళ్ళకు, వారం వారం, పడిపోవడంలో అనుభవం ఉన్న గుర్రాలను వెతికి మరీ సిఫారసు చేశాను. మంగళవారం డెనిస్ ఫోను. మా ఆఫీసు పనిలో మూడోవంతు ఆయనదే. అది పోతే నాతోపాటు ఇద్దరు ముగ్గురు ఇంటికి పోవాల్సిందే. అందులో ఒకామెకు పెళ్ళి కుదిరింది. ఆ సంగతి తలచుకున్నాక నిజం దాచే ధైర్యం చాల్లేదు.

సుగుణక్క రాగానే చెప్పేశాను.

"ఆరు వారాలా?" అంది.

"ఆరు."

"ఆరూ పడినాయా?"

"నాలుగు పడ్డాయక్కా. ఒకటి ఆగిపోయింది. ఒకటి మనిషిని పడేసి తను మాత్రం బాగానే పోయింది."

"మలైకాజాలు తిన్నాం గదరా మేము," అని అక్క కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందో, నన్ను కొట్టకుండా ఓర్చుకుంటోందో తెలియలేదు.

మంగళవారం ఫోను స్పీకరులో పెట్టారు. డెనిస్ హలో అనకముందే నవ్వడం మొదలుపెట్టాడు. ఇలాంటి వెటకారం తాను ఇరవై ఏళ్ళలో చదవలేదన్నాడు. 'నేలను ప్రేమించే గుర్రం' అనే మాటను అక్కడి వాళ్ళు కారు అద్దాలకు అంటించుకున్నారట. అంతేకాదు, పందెం కాసేవాళ్ళు శనివారం పొద్దున్నే నేను చెప్పిన గుర్రాన్ని చూసి, ముందు దాని పేరు కొట్టేసి, మిగతావాటిలో వెతుక్కుంటున్నారట. చాలా సమయం కలిసొస్తోందట.

బతికాం అనుకున్నాను. కానీ అబద్ధమాడని మనిషి పై అధికారి అయితే వచ్చే చిక్కే అది. "సార్, అది వెటకారం కాదు. మా అబ్బాయికి నిజంగానే తెలియదు," అనేసింది సుగుణక్క.

అవతల ఇంతకుముందుకంటే పెద్ద నవ్వు. అయితే ఇంకా మంచిది, అలాగే రాయమనండి అన్నాడు.

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం లోపల మండింది. అంటే నేను జోకర్నన్నమాట. బుద్ధున్నవాడు ఆ చప్పట్లు జేబులో వేసుకుని ఇంటికెళ్ళేవాడు. నేను పెంచలయ్య మామ ఇంటికెళ్ళాను.

మూడు వారాలు పైపైన ఏవో రాసి పంపుతూ, మామ పశువుల పాకలో కూర్చుని వీడియోలు చూశాను. అప్పుడు తెలిసింది, అవుట్‌సైడర్లన్నీ ఒకటి కావని. కొన్ని పనికిరానివి కాబట్టి ధర పెద్దది. కొన్నిటి పనితనం ఎవరూ సరైన చోట చూడలేదు కాబట్టి ధర పెద్దది. రెండోరకం దొరకాలంటే పాత ఫలితాలు ఏ నేల మీద, ఎంత దూరంలో, ఎంత బరువుతో వచ్చాయో విడదీసి చూడాలి. అలా చూడగా పదకొండేళ్ళ ముసలి గుర్రం ఒకటి కనబడింది. ఏడు, ఎనిమిది, ఆరు, తొమ్మిది. అన్నీ గట్టి నేల మీద, చిన్న దూరాలే. ఒక్క అక్షరం లేదు, అంటే ఒక్కసారీ పడలేదు. ఈసారి దూరం ఎక్కువ, మోసే బరువు తక్కువ, ఇరవై గుర్రాలు కాబట్టి నాలుగో స్థానం దాకా డబ్బులిస్తారు. పైగా వారంగా అక్కడ వాన. మైదానం దమ్ము చేసిన మడిలా ఉంది.

మామ దాని పాత వీడియో రెండుసార్లు చూశాడు. "తొందరపడదు ఇది. కంచె కాడికొచ్చి అడుగు కొలుచుకోని లేస్తా ఉండాది. బురదలో దిగితే కుర్రవి రొప్పతాయి. ఇది పోతానే ఉంటది. మొదట రాదు గానీ, నలుగుర్లో ఉంటది."

ధర ఒకటికి యాభై. ఈచ్ వేకి ఇంతకంటే తగినది లేదని, ఒక్క అలంకారం లేకుండా, కారణాలతో సహా రాసి పంపాను.

శనివారం మామా నేనూ ఫోను ముందు కూర్చున్నాం. సగం దూరానికి అది పదిహేనోది. చివరి మైలులో కుర్ర గుర్రాలు బురదలో కాళ్ళీడుస్తుంటే, మా ముసలిది పొలం నుంచి ఇంటికొస్తున్న పెద్దమనిషిలా ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చింది. మూడో స్థానం. మామ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు చెప్పుకో నలుగురికీ," అన్నాడు. నా జీవితంలో మొదటిసారి ఒక పని సరిగ్గా చేశానని కళ్ళ నీళ్ళొచ్చాయి.

సోమవారం ఆఫీసు మెట్లెక్కుతుంటేనే సుగుణక్క మొహం చూసి అనుమానం వచ్చింది. వెబ్‌సైట్‌కు ఆదివారమంతా తిట్లేనట. నా మాట నమ్మి ఆ గుర్రం పేరు కొట్టేసినవాళ్ళు వందలమంది. నమ్మకద్రోహం అని రాశారట. డెనిస్ నా శీర్షిక ఎత్తేశాడు. గుర్రాల పని బదులు ఆఫీసుకు తోటపని సామాన్ల గురించి రాసే పనిచ్చాడు కాబట్టి ఎవరి ఉద్యోగమూ పోలేదు. నాకు మాత్రం విడిగా ఒక ఉత్తరం రాశాడు. దాని అర్థం సుగుణక్క తెలుగులో చెప్పింది.

"ఒప్పు చెప్పేవాళ్ళు ఆయన కాడ పదకొండు మంది ఉండారంట. వాళ్ళు అప్పుడప్పుడూ తప్పతారంట. తప్పకుండా తప్పు చెప్పేవాడివి నువ్వొక్కడివే అనుకున్నాడంట."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరెప్పుడూ ఏ గుర్రం విషయంలోనూ నిజం చెప్పను.