కొస ఇంటి చప్పుడు

నల్లా తిప్పితే నీళ్లు వస్తాయని అందరూ అనుకుంటారు. జహీరాబాద్‌లో పన్నెండేళ్లు నీళ్లు వదిలిన మనిషిగా చెబుతున్నాను: ముందు గాలి వస్తుంది, ఆ వెనక ఆడవాళ్ల తిట్లు వస్తాయి, ఓపికుంటే ఆఖరున నీళ్లు వస్తాయి. తిట్లకు మాత్రం ఏ ఎండాకాలంలోనూ కొరత రాలేదు.

ఆ ఉద్యోగం నాకు చదువు వల్ల రాలేదు. నిజాం కాలంలో బడికెళ్లి ఉర్దూ అక్షరాలు అలీఫ్, బే నేర్చుకున్నాను. అవి పట్టుబడేసరికి సర్కారు మారింది, మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టమన్నారు. ఒకే గోడను రెండుసార్లు కట్టే మేస్త్రీని కానని బయటికొచ్చేశాను. తర్వాత కొన్నేళ్లు చాయ్ హోటల్ ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల నడకలూ గొంతులూ అనుకరిస్తూ నవ్వించాను. ఇరవై దాటాక, ఊరి పాలన చూసే కమిటీవాళ్లు ట్యాంకు కట్టించి వీధుల్లో ఇనుప పైపులు పాతించారు. వీడెలాగూ రోడ్డు మీదే ఉంటాడు కదా అని నీళ్లు వదిలే పని నాకిచ్చారు.

నీళ్లు వదలడానికి పనిముట్టు ఒకటే. మనిషి ఎత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. చావి అనేవాళ్లం. ఊరికంతా అదొక్కటే. ప్రతి వాడ మొదట్లో మూతపెట్టిన చిన్న గుంత ఉంటుంది, అందులో వాల్వు. చావి దించి తిప్పితే ఆ వాడకు నీళ్లు, ఎదురు తిప్పితే బంద్. ఇంతవరకు గాడిదకు నేర్పినా చేస్తుంది. వాల్వు కట్టేది, అంటే మూసేది ఎప్పుడన్నదే చిక్కు. త్వరగా కడితే కొస ఇళ్లకు చుక్క రాదు. ఆలస్యంగా కడితే ట్యాంకు ఖాళీ అయి పక్క వాడవాళ్లు నా మీదికొస్తారు. నా దగ్గర గడియారం లేదు. ఉన్నా నీళ్లకు గడియారం చూడటం రాదు.

ఎర్రరాయి ఇళ్ల వాడ ఒకటి ఉండేది. రెండు మలుపులు తిరిగి ఎత్తుకు ఎక్కుతుంది. దాని కొసన ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. బీదర్ వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి, మాటలో సగం కన్నడం. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. జొన్నరొట్టెలు కొట్టి, బస్టాండు దగ్గర హోటల్‌కూ, లారీలవాళ్లకూ అమ్మి బతికేది. ఎడమ మోకాలు వంగేది కాదు.

కొత్తలో ఒకరోజు ఖాళీ బిందె చంకన పెట్టుకుని, వాడ పొడుగునా కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“ఏం బిడ్డా, నీ నీళ్లకు నా ఇల్లు దొరుకుతలేదా?”

నీళ్లు నీదాకా వచ్చిందీ రానిదీ నాకెట్ల తెలుస్తుంది అవ్వా, రాగానే ఒక కేక వెయ్యి అన్నాను.

“నా కేక నీ దాకా వచ్చేటట్టుంటే, నీ నీళ్లు నా దాకా ఎందుకు రావురా?” అంది.

ఆ రోజు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి, చావి పిడి మీద చెంప ఆనించి కునుకుతున్నాను. చెవిలో టంగ్ మంది. మళ్లీ టంగ్, మళ్లీ టంగ్. ఉలిక్కిపడి చుట్టూ చూస్తే ఎవరూ లేరు. చెవి తీస్తే చప్పుడు లేదు, ఆనిస్తే ఉంది. కొసన ముసలమ్మ ఇత్తడి చెంబుతో నల్లా పైపును కొడుతోంది. ఇనుము ఆ చప్పుడును మట్టి కింద నుంచి, రెండు మలుపులు తిప్పి, నా చెవిలోకి తెచ్చి పోసింది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. నీళ్లు రాగానే ఆమె మూడుసార్లు కొట్టాలి. తర్వాత రెండు బిందెలు నిండేంత సేపు ఆగి నేను కట్టాలి. వాడ మొత్తానికీ సమంగా నీళ్లందాయి, ట్యాంకులో పక్క వాడలకూ మిగిలాయి. ఊళ్లో టెలిఫోన్లు రెండే, ఒకటి పోస్టాఫీసులో, ఒకటి నా దగ్గర అని చెప్పుకుని తిరిగాను. అప్పుడప్పుడు ఆ ఇంటికి వెళ్తే వేడి రొట్టె మీద కారం వేసి పెట్టేది. “నీరు బంతు, నీకు ముట్టిందా?” అని అడిగేది. నీరు బంతు అంటే నీళ్లొచ్చాయని, ముట్టిందా అంటే చప్పుడు నాకు అందిందా అని. ముట్టింది అవ్వా అంటే, చిన్నపిల్లలా నవ్వేది.

అలా మూడేళ్లు గడిచాయి. ఆ ఏడు బడ్జెట్ మీటింగులో కమిటీకి లెక్క కుదరలేదు. పంపుకు డీజిల్ పోస్తే వీధి దీపాలకు లేదు, దీపాలు వెలిగిస్తే పంపుకు లేదు. చివరికి ఇంటి నల్లాలకు నెలకింత అని రుసుము పెట్టారు. మూడు నెలలు కట్టనివాళ్ల నల్లా కోసేయాలని తీర్మానించారు. చాటింపు వేయించారు. కట్టలేనివాళ్లు అర్జీ పెట్టుకుంటే కమిటీ ఆలోచిస్తుందని కూడా అందులోనే చెప్పించారు. అన్యాయం అనలేను. డీజిల్ ఊరికే రాదు కదా.

ముసలమ్మ అర్జీ రాయించింది. కానీ ఆమె అర్జీ అందరిలాంటిది కాదు. దయచూడమని అడగలేదు. నీళ్లు విడిచేవాడికి జీతమిస్తున్నారు, ఎప్పుడు కట్టాలో చెప్పే నాకేమీ ఇవ్వడం లేదు, నల్లా రుసుమే నా జీతం కింద పట్టుకోండి అని రాయించింది. అందులో ఒక్క తప్పు మాట లేదు.

మీటింగుకు నన్నే పొమ్మంది. కమిటీ ఆఫీసు మెట్లు ఎక్కలేని మనిషి ఆమె. ఆ నల్లా పోతే ఊరి బయటి దిగుడు బావే గతి. దానికి ఇరవై నాలుగు మెట్లు, నేను లెక్కపెట్టాను. వంగని మోకాలితో ఆ మెట్లు దిగి, రొట్టెల పిండికి సరిపడా నీళ్లు మోయాలి. మోయలేకపోతే పొయ్యి వెలగదు.

“నువ్వు మాటగానివి. నా దిక్కు నుంచి చెప్పు,” అంది. నేను వాకిలి దాటుతుంటే వెనక నుంచి మళ్లీ అంది: “నవ్వులాట చెయ్యకు బిడ్డా.”

చెయ్యను అన్నాను. చెయ్యకూడదనే వెళ్లాను.

మధ్యాహ్నం ఎండ. గదిలో మెంబర్లు పేపర్లతో విసురుకుంటున్నారు. నాకంటే ముందు అర్జీలు చాలా నడిచాయి. కొందరికి మాఫీ ఇచ్చారు, కొందరిని పొమ్మన్నారు. నా వంతు వచ్చేసరికి అధ్యక్షుడు ఆవులిస్తున్నాడు. పద్ధతిగానే మొదలుపెట్టాను. ఒక మెంబరు కళ్లు మూసుకునే అడిగాడు, ఆ ముసలామె చేసే పనేమిటి అని.

ఆ ఒక్క ప్రశ్నకు మామూలుగా జవాబు చెప్పి ఉంటే నాకు ఇది చెప్పే అవసరం ఉండేది కాదు. కానీ ఎదురుగా పదిమంది కూర్చున్నారు, ఒక్కడి ముఖంలోనూ ప్రాణం లేదు. అది చూస్తే నాకు చెయ్యి ఆగదు. చావి పట్టుకున్నట్టు నిలబడి, చెవి ఆనించి, అధ్యక్షుడి ముందున్న ఇత్తడి గ్లాసును పెన్సిల్‌తో మూడుసార్లు కొట్టాను. “కొస ఇంటి నుంచి ఫోన్ సాబ్,” అన్నాను. గది ఘొల్లుమంది. ఇక నేను ఆగలేదు. ఆమె గొంతు చేశాను. నీరు బంతు, నీరు బంతు అన్నాను. చివరికి ఆమె కుంటు నడక కూడా నడిచాను, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా.

అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని, “ఇగ ఫోన్ బిల్లు కూడా వసూలు జెయ్యాల్నా ఏంది?” అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే గుమాస్తా కాగితం మీద ఏదో రాసి, పక్కన పెట్టి, తర్వాతి అర్జీ పేరు చదివాడు. ఏం రాశావని మెల్లగా అడిగాను. నామంజూర్ అన్నాడు. నోరు తెరిచాను. ఆ సమయానికే ఎవరో నా చేతిలో చాయ్ పెట్టారు, మంచిగ నవ్వించినవ్ అని. ఆ చాయ్ తాగి బయటికొచ్చాను.

ముసలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఏమన్నరు అని అడిగింది.

“నవ్విన్రు అవ్వా.”



“నవ్విన్రా, నువ్వు నవ్విచ్చినవా?”

అదొక్కటే అడిగింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నేను అలవాటు పడ్డ మనిషిని.

మూడు నెలల తర్వాత నల్లా కోసింది నేనే. నల్లాలు విప్పే పానా కూడా ఊళ్లో నా చేతిలోనే ఉంది మరి. నల్లా విప్పి, గోడ దగ్గర పైపు మూతికి ఇనుప బిరడా బిగించాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పోయేటప్పుడు ఎప్పటిలాగే రొట్టె చేతిలో పెట్టింది. దాన్ని ఏ వీధిలో ఎక్కడ తిన్నానో గుర్తులేదు.

మరునాడు వాల్వు తిప్పి, అలవాటుగా చెవి ఆనించాను. ఎందుకు ఆనించావురా, ఇక అటు ఎవరున్నారు అనుకుంటుండగానే టంగ్ మంది. మూడుసార్లు. చావి అక్కడే వదిలి పరుగెత్తాను. ముసలమ్మ చెంబు పట్టుకుని బిరడా పెట్టిన పైపు పక్కన కూర్చుని ఉంది. గోడ అవతల పక్కింటి బిందెలో నీళ్లు పడే చప్పుడు వినిపిస్తోంది. అది విని కొట్టింది.

“నాకు లేకపోతే వాడకు లేకుంట పోవాల్నా? పో, పోయి బంద్ చెయ్యి, నీళ్లు ఊరికే పోతున్నయ్,” అంది.

మొదట్లో పక్కిళ్లవాళ్లు తలా ఒక బిందె ఇచ్చారు. తర్వాత తర్వాత వాడలో ఒక కొత్త మాట పుట్టింది: పైసలు కట్టిన నీళ్లు. అంతకు ముందు నీళ్లకు ఇంటిపేరు లేదు. ఆ మాట పుట్టాక, నల్లాలకు చెక్కపెట్టెలు బిగించి తాళాలు వేసుకున్నారు. నేను రెండు బిందెలు మోసుకెళ్తే ముసలమ్మ గడప దాటనివ్వలేదు. “నీ చేతులు కడుక్కునేటందుకు నా బిందెలే దొరికినయా?” అని తలుపేసుకుంది. తెల్లవారకముందే చిన్న కుండా, చెంబూ పట్టుకుని బావికి పోవడం మొదలుపెట్టింది. నీళ్లు విడిచే వేళకు మాత్రం ఇంట్లో ఉండేది. ఒక్క రోజు కూడా చప్పుడు తప్పలేదు.

చైత్రంలో ఒకరోజు. పొద్దెక్కింది. వాల్వు తిప్పాను, చెవి ఆనించాను, మూడుసార్లు విన్నాను. రెండు బిందెల సేపు ఆగి కట్టాను. చావి భుజాన వేసుకుని పక్క వాడకు పోతుంటే, చిరాగ్‌పల్లి నుంచి పాలు తెచ్చేవాడు ఎదురొచ్చాడు. కొస ఇంటి ముసలమ్మ బావి మెట్ల మీద పోయిందని చెప్పాడు. తెల్లవారుజామున నీళ్లకు వచ్చినవాళ్లు చూశారట. కూర్చుని ఉంటే అలసట తీర్చుకుంటోందనుకున్నారట. ఎండ ముఖం మీదికి వచ్చినా కదలకపోతే ముట్టుకున్నారట.

నేను నవ్వాను. ఇప్పుడే కదా కొట్టింది, నేను విన్నాను కదా అన్నాను. వాడు సైకిల్‌ను బావి వైపు తిప్పాడు.

బావి దగ్గరికి వెళ్లాను. పన్నెండో మెట్టు మీద ఆమె ఉంది. పక్కన నిండు కుండ. కుండ మీద ఇత్తడి చెంబు.

ఆ రోజు వాడలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను, ఎవరు కొట్టారని. ఎవరూ కొట్టలేదు. ఆమె ఇంటికి గొళ్లెం పెట్టే ఉంది. పైపుల పని చూసే ఓవర్సీర్‌ను అడిగితే, లోపల గాలి తన్నితే అలాంటి చప్పుడే వస్తుందన్నాడు. గాలికి మూడు దాకా లెక్కపెట్టడం ఎవరు నేర్పారని అడగబోయి మానుకున్నాను.

మళ్లీ ఆ చప్పుడు రాలేదు. వినిపిస్తే భయపడేవాణ్ణేమో, వినిపించకపోవడం అంతకంటే పాడు చేసింది. చెవి ఆనించి అలాగే ఉండిపోయేవాణ్ణి. కట్టాలన్న సంగతే తోచేది కాదు. రెండుసార్లు ట్యాంకు ఖాళీ అయ్యి జీతంలో కోత పడింది. చాయ్ హోటల్ దగ్గర ఆ ఫోన్ ఆట ఆడమని అడిగేవాళ్లు. మరిచిపోయానని చెప్పేవాణ్ణి.

రెండేళ్ల తర్వాత కమిటీ మారింది. కొత్త కమిటీ బడ్జెట్‌లో, దిక్కులేని విధవలకు నల్లా రుసుము మాఫీ అని తీర్మానం చేశారు. ఎవరూ నవ్వించకుండానే చేశారు. కొత్త గుమాస్తా పాత అర్జీలు బయటికి తీసి జాబితా రాశాడు. కోసిన నల్లాలు తిరిగి బిగించమని నాకు ఆర్డరు వచ్చింది. చదివి వినిపించమన్నాను. మొదటి పేరే ఆమెది.

ఆమె లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆమె కోసం వచ్చిన కాగితం ఆమె ఇంటిదాకా అయినా పోవాలి కదా అనిపించింది.

పొద్దున వాడకు నీళ్లు విడిచి, చావి భుజాన వేసుకునే ఆ ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం తుప్పు పట్టింది. బీదర్ వైపు నుంచి ఆమె అన్న కొడుకు వచ్చి సామాను తీసుకుపోయాడని విన్నాను. ప్రహరీ దాటి దిగాను. చావిని గోడకు ఆనించాను. బిరడా విప్పి నల్లా బిగించి తిప్పాను. గాలి వచ్చింది. ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి. తిట్లు రాలేదు. తర్వాత తేట నీళ్లు వచ్చి, పట్టుకునే పాత్ర లేక, పాత పొయ్యి బూడిదలోకి పారాయి.

ఎందుకో తెలియదు, పానాతో పైపును మూడుసార్లు కొట్టాను.

కొట్టాక అర్థమైంది. ఈ కొసన ఏమీ వినిపించదు. అవతలివాడు విన్నాడో, బీడీ తాగుతున్నాడో, ఎవరి నడకనో చేసి చూపిస్తున్నాడో తెలిసే దారి లేదు. కొట్టి, ఊరికే కూర్చోవాలి. ఆమె అన్నేళ్లు అలాగే కొట్టి కూర్చుంది.

నేనూ కూర్చున్నాను. నీళ్లు పారుతూనే ఉన్నాయి. రెండు బిందెలు నిండేంత సేపు పారాయి. తర్వాత ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. ఎవరో వాల్వు కట్టినట్టే ఆగింది.

తలెత్తి చూశాను. ఊరికున్న ఆ ఒక్క చావీ నేను ఆనించిన చోటే, గోడకు ఉంది.

ట్యాంకు ఖాళీ అయిందేమో. నిచ్చెనెక్కి చూస్తే తెలిసిపోయేది. రోజూ ఎక్కే నిచ్చెనే. ఆ రోజు ఎక్కలేదు.