ఎస్తేరమ్మ టీచరు చెవి పరీక్ష

నల్లగుండ్లపల్లి మిషను బడిలో చేరాలంటే కాగితాలు అక్కర్లేదు. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే చాలు. అందితే ఐదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. మెడ వంచి అందుకుందామనే గడుగ్గాయిలు ఏటా ఉండేవాళ్ళు. "తల వంచకూడదు!" అని ఎస్తేరమ్మ టీచరు జూన్ నెలలో వేసే కేకలు ఊరవతల చేలల్లో గుంటక తోలేవాళ్ళకు కూడా వినపడేవి.

ఆ ఊళ్ళో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తక్కినవాళ్ళ పిల్లలంతా వాన పడిన ఏడో, పడని ఏడో పుట్టినవాళ్ళే. యాడికి మండలంలో వాన పడని ఏళ్ళే ఎక్కువ కాబట్టి ఆ లెక్కతో ఏదీ తేలదు. అందుకే చెవి. ఎస్తేరమ్మ కూడా చిన్నప్పుడు ఇదే గడప దగ్గర చెవి పట్టుకుని ఒకటో తరగతిలో చేరింది. అప్పుడు వాళ్ళ నాయన ఆ బడిలో గంట కొట్టేవాడు. ఆమె ట్రైనింగు అయిపోయి టీచరుగా తిరిగొచ్చిన రోజు కూడా ఆయనే గంట కొట్టాడు, మామూలుగా కొట్టేదానికంటే చాలాసేపు.

లూథరన్ సంఘం వాళ్ళ బడి అది. ఉన్నది ఒకటే పెద్ద గది. వారంలో ఆరు రోజులు అది బడి, ఆదివారం ప్రార్థన మందిరం. ఆదివారం పాడిన కీర్తనల నంబర్లు నల్లబల్ల మూలన సోమవారం దాకా అట్లాగే ఉండిపోయేవి. కొత్తగా వచ్చిన దివాకర్ సారు ఒకసారి వాటిని చూసి కూడిక లెక్క అనుకుని పిల్లలచేత కూడించాడు కూడా. పిల్లలు మాత్రం బుద్ధిగా కూడి చూపించారు. మాలపల్లె పిల్లలు, బోయల పిల్లలు, గొర్రెల కాపర్ల పిల్లలు అందరూ ఆ గదిలోనే పక్కపక్కన కూర్చుని ఒకరి బలపం ఒకరు కొరుక్కుని తినేవాళ్ళు.

ఎస్తేరమ్మ మొగుడికి గుంతకల్లు రైల్వేలో గ్యాంగు పని. అక్కడ క్వార్టర్సు కూడా ఇచ్చారు. కాపురానికి రమ్మని ఆయన పోరు పెడితే, "నువ్వు పట్టాలు చూసుకో, నేను పలకలు చూసుకుంటాను" అని తేల్చేసింది. అడిగీ అడిగీ ఆయనే విసిగి, శనివారం సాయంత్రం రైలెక్కి రావడం అలవాటు చేసుకున్నాడు. ఎస్తేరమ్మ మొండి మనిషి. తాను అనుకున్నది తప్పు కావచ్చునని ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చాలాసార్లు తప్పు కాదు కూడా, అదే వచ్చిన చిక్కు.

రెండువేల రెండు జూన్‌లో కదిరమ్మ తన మనవరాలు గౌతమిని చెయ్యిపట్టుకుని తెచ్చింది. కూతురూ అల్లుడూ బెంగుళూరులో కట్టడం పనికి పోయారు, పిల్లను ఈమె దగ్గర వదిలారు. కదిరమ్మకు ఉన్నవి నాలుగు మేకలు, ఈ మనవరాలు. గౌతమి చెయ్యి తల మీదుగా తిప్పింది. వేళ్ళు చెవికి రెండు అంగుళాల పైనే ఆగిపోయాయి. పిల్ల మునికాళ్ళ మీద లేచింది, మునికాళ్ళకూ చెవికీ సంబంధం ఉన్నట్టు. తరగతంతా గొల్లున నవ్వింది.

"నా మనవరాలి చెయ్యి పొట్టిది గానీ వయసు పొట్టిది కాదు టీచరమ్మా" అంది కదిరమ్మ. "తినేదానికి ఉంటే కదా చెయ్యి సాగేది."

ఈ పరీక్ష తనకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అబద్ధం చెప్పలేదని, వచ్చే ఏడు తీసుకురమ్మని ఎస్తేరమ్మ చెప్పేసింది. కదిరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, నవ్వుతున్న పిల్లల మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయింది.

ఆ ఏడు జూన్‌లో రెండు చినుకులు రాలాయి, అంతే. జులైలో అదీ లేదు. విత్తనానికని ఒలిచి పెట్టుకున్న శెనక్కాయలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. ఒక్కొక్క కుటుంబమే మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని కూడా తోలుకుని బెంగుళూరు బస్సెక్కింది. నలభై ఏడు మంది ఉన్న బడి ఆగస్టు సగానికల్లా ముప్పై తొమ్మిదికి దిగింది. సరిగ్గా అప్పుడే విద్యాశాఖ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం ఆఫీసరు స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతాడు. నలభైకి ఒక్కటి తగ్గినా సర్కారు ఇచ్చే ఎయిడు డబ్బు ఆగిపోతుంది, అంటే బడి మూతపడుతుంది. ఆ తర్వాత పిల్లలు వాగూ వంకా దాటి మూడు మైళ్ళు నడిచి పక్క ఊరికి పోవాలి. మగపిల్లలు పోతే పోతారు. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు, వాళ్ళు మేకల వెంట పోతారు. ఆ సంగతి ఎస్తేరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దివాకర్ సారు ఒక ఉపాయం చెప్పాడు. తమ ఊరి నుంచి ఒక్కరోజుకు పదిమంది పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతానన్నాడు. అందరూ చేసే పనేనన్నాడు.

"ఆదివారం ప్రార్థన చేసిన గదిలో సోమవారం దొంగ హాజరు పిలవమంటావా? రెండు దినాలకూ ఉండేవి ఈ నాలుగు గోడలే కదప్పా" అంది ఎస్తేరమ్మ. దివాకర్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. పెద్దమనిషి ఓబన్న శనివారం సాయంత్రం ఆరుగురు బుడతల్ని వరసగా నడిపించుకుని వచ్చాడు. ఒక్కొక్కరికీ మూడేళ్ళు కూడా నిండలేదు. అందరూ ఠక్కున చెవులు పట్టుకున్నారు. వారం రోజులుగా మెడ వంచడం నేర్పించాడట. ఒకడికైతే మెడ అటే ఉండిపోయింది, చెయ్యి దించినా తల ఎత్తడం లేదు. ఎస్తేరమ్మకు నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. తలా పిడికెడు బొరుగులు పెట్టి ఇళ్ళకు పంపేసింది.

ఆదివారం ప్రార్థన కాగానే ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. బెంగుళూరు నుంచి ఎవరైనా తిరిగొచ్చారేమో, ఒక్క పిల్లయినా దొరుకుతుందేమోనని ఆశ. కదిరమ్మ ఇంటి ముందు గౌతమి చేతిలో పేడ ముద్ద పట్టుకుని మిద్దె మీదికి గురి చూస్తోంది. ఏందే అది అని అడిగితే, పన్ను అంది. ఊడిన పాలపన్నును పేడలో పెట్టి మిద్దె మీదికి విసిరితే మంచి పళ్ళు వస్తాయని అందరూ చేసేదే. ఎస్తేరమ్మ నోరు తెరవమంది. పైన ఒక పన్ను ఇప్పుడే ఊడింది. కింద రెండు కొత్త పళ్ళు అప్పటికే నిండుగా వచ్చేసి ఉన్నాయి.

ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల నోళ్ళు చూస్తూ పాఠాలు చెప్పిన మనిషి. కింద కొత్త పళ్ళు ఈమాత్రం పెరిగేది రెండో తరగతి పిల్లలకు. ఈ పిల్లకు ఆరు దాటి ఏడు నడుస్తూ ఉంటుంది. చెయ్యి సాగకపోయింది వయసు చాలక కాదు, తిండి చాలక. ఆ మాట ఆ రోజే కదిరమ్మ తన మొహాన చెప్పింది కూడా. ఎస్తేరమ్మకు ఒళ్ళంతా సిగ్గేసింది.

కదిరమ్మ మేకకు నీళ్ళు పెడుతూ తలెత్తలేదు. "నీకు తలకాయలు తక్కువైనాయి, దానికి వచ్చినావు."

"అవునక్కా, అందుకే బయల్దేరినా" అంది ఎస్తేరమ్మ. "కానీ ఇప్పుడు నీ ముందర నిలబడింది అందుకు కాదు. తప్పు నాది. నలభై మంది ఉన్నా, నాలుగొందల మంది ఉన్నా బడిలో ఒక చోటు ఈ పిల్లది."

కదిరమ్మ నీళ్ళ తొట్టిని ఇంకో మేక ముందుకు జరిపింది. "ఆ మాట ఈడ కాదు, ఆడ చెప్పు. అందరి ముందర కదా పంపించినావు. రేపు వస్తా" అంది.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. తలలు రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ ముప్పై తొమ్మిదే. చేర్చుకోవడానికి నెలాఖరు దాకా గడువుంది కదా సార్, ఒక పిల్ల వస్తోంది అని ఎస్తేరమ్మ చెప్తుండగానే కదిరమ్మ గడప దగ్గర కనిపించింది. గౌతమికి నున్నగా నూనె పెట్టి జడ వేసింది. ఆఫీసరు పిల్లను ఎగాదిగా చూసి, అలవాటు చొప్పున చెవి పట్టుకోమన్నాడు. వేళ్ళు మళ్ళీ రెండు అంగుళాల పైనే ఆగాయి.

ఎస్తేరమ్మ తరగతి మధ్యకు వచ్చి నిలబడింది. "ఈ పరీక్ష తప్పు సార్. ఇదే పట్టుకుని జూన్‌లో ఈ పిల్లను నేను వెనక్కి పంపినాను. అందరూ నవ్వినారు, నేను ఆపలేదు. తప్పు నాది. దాని నోరు చూడండి" అంది. ఆఫీసరు వంగి చూశాడు. ఆయనింట్లోనూ అదే వయసు పిల్ల ఉందేమో, సరేనన్నట్టు తల ఆడించాడు.

కదిరమ్మ మాత్రం పిల్లతో గడప దాటి లోపలికి రాలేదు. "మాట సరే టీచరమ్మా. ఆ దినం నా మనవరాల్ని ఏం చేయమన్నావో, నువ్వూ ఒకసారి చేసి చూపీ."

ఎస్తేరమ్మ కుడిచెయ్యి ఎత్తింది. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసి రాసి అరిగిపోయిన భుజం అది. చెయ్యి తల దాకా లేచి కొప్పు దగ్గర ఆగింది. ఇంకొంచెం లాగింది, కలుక్కుమంది. చెవి ఎక్కడో ఆమడ దూరంలో ఉంది. ఎవరూ చూడరనుకుని మెల్లగా మెడ వంచబోయింది.

"టీచర్" అంది గౌతమి, "తల వంచకూడదు."

ఎస్తేరమ్మ తల నిటారుగా ఎత్తింది. చెయ్యి కొప్పు మీదే ఉంచి ఆఫీసరు వైపు తిరిగి, "నాకు ఐదేళ్ళు నిండలేదంట సార్. నన్ను వచ్చే ఏడు చేర్చుకోండి. ఈ పిల్లను మాత్రం ఇయ్యాలే రాసుకోండి" అంది.

మొదట నవ్వింది కదిరమ్మే. నవ్వుతూనే మనవరాలి వీపు మీద చెయ్యి వేసి గడప దాటించింది. గౌతమి ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ఆఫీసరు మూడోసారి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.