కారవాన్ నీళ్ళు ఖాళీ చేసే శుక్రవారం

నా చిన్నప్పుడు దోహాలో ఏటా ఎండలు ముదిరేలోపు ఒక శుక్రవారం... బాపు నన్ను కారవాన్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. చక్రాల మీద చిన్న ఇల్లు. మాది కాదు, బాపు పనిచేసే కంపెనీ అర్బాబ్‌ది. చలికాలమంతా ఆ యజమాని కుటుంబం ఎడారిలో అందులోనే ఉండేది. మాకు దక్కేది ఆ ఒక్క పూట.

వేసవికి మూసేముందు ట్యాంకులో, పైపుల్లో చుక్క నీరు మిగలకూడదు. మిగిలితే వేడికి మురిగి కంపు కొడుతుంది. బాపు కింద పడుకుని ట్యాంకు మూత తిప్పేవాడు. లోపల నల్లాలు తెరవడం నా డ్యూటీ.

పోయే ఆ నీళ్ళతోనే బుల్లి సింకులో గ్లాసులు కడిగి, మడతబల్ల మీద బోర్లించి, కిటికీ తెర సర్ది... అది మా ఇల్లే అనుకునేదాన్ని. దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో మాకున్నది ఒకే గది మరి!

"యల్లా, జల్ది బిడ్డా, నీ కాపురం చాలుగని... గాలి గొడ్తున్న. నల్లాలన్ని తెరిచే ఉండాలె" అని బయటినుంచి బాపు కేక.

పైపుల్లో మిగిలిన నీళ్ళను నెట్టే కంప్రెసర్ గాలికి నల్లాలు దగ్గి, ఉమ్మి, ఊరుకునేవి.

నాకు పదేళ్ళున్నప్పుడు... గ్లాసులు కడిగి, సింకు నల్లా కట్టేశాను. "నల్లా ఇప్పిపెట్టి పోతే చెయ్యి ఇరగ్గొడ్త" అని అమ్మ రోజూ అరిచే ఇంట్లో పెరిగిన చెయ్యి అది! ఆ పైపులోకి గాలి పోలేదు. నీళ్ళు ఉండిపోయాయి.

నవంబరులో తెరిస్తే పాకుడు నీళ్ళు... అర్బాబ్ పిల్లలు ముక్కు మూసుకుని బయటికి ఉరికారట.

"నేనే మర్సిపోయిన అని చెప్పిన" అన్నాడు బాపు, ఇంటికొచ్చి.

"నాలుగు నల్లాలు గూడ యాదికుండయా నీకు?" అంది అమ్మ.

బాపు నావైపు చూడలేదు. నేను హోంవర్కులోంచి తల ఎత్తలేదు.

ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. మా శుక్రవారం పోయింది. పెద్దయ్యాక మూడు ఉద్యోగాలు మారాను... ఆ మడతబల్ల దగ్గర కూర్చున్నంత నిమ్మళంగా మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

ఇప్పుడు ఫోన్‌లో బుక్ చేస్తే సముద్రం ఒడ్డున కారవాన్ సిద్ధంగా ఉంటుంది. మొన్న అమ్మనీ బాపునీ తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు బాపు అలవాటుగా ట్యాంకు మూత కోసం కిందికి వంగితే, "అవన్నీ మేం చూసుకుంటాం, మీరు వెళ్ళండి సార్" అన్నారు అద్దెకిచ్చినవాళ్ళు. బాపు చేతులు దులుపుకున్నాడు. అప్పుడైనా ఆ సింకు నల్లా సంగతి చెబుదామనుకున్నాను... చెప్పలేదు.

మీ తప్పును మీ నాన్న తన నెత్తిన వేసుకున్న రోజు మీకూ ఉందా? ఉంటే... ఆ తప్పు మీదేనని ఆయనకు తెలుసన్న సంగతి మీకూ తెలుసని, ఆయనతో ఎప్పుడైనా చెప్పగలిగారా?