ఊటీ వెళ్ళిన చేపల పెట్టె

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ప్రయాణం చెయ్యడం తెలియదు. సరుకు పంపించడం మాత్రమే తెలుసు. కొల్లేటి వైపు చెరువుల్లో పట్టిన బొచ్చె చేపలూ శీలావతులూ ఐసు పొరల మధ్య హాయిగా పడుకుని, మేమెవరం ఎన్నడూ చూడని ఊళ్ళకి లారీల మీద వెళ్ళిపోయేవి. వాటిని పంపించే మా నాన్న మాత్రం పటమటలో మా ఇంటికీ ఆ చెరువు గట్లకీ మధ్య జీవితమంతా తిరిగాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ఇప్పుడు మూడేళ్ళ పాపని వచ్చేవారం కొండల మీదికి తీసుకెళ్ళడానికి నెల్లాళ్ళ నుంచి నిద్ర చెడగొట్టుకుంటున్నాను. ఒక థర్మామీటరు పగిలితే ఎలాగని రెండోది కొన్నాను. పాప పడుకున్నాక ఫోన్లో ఆ ఊరి వాతావరణం చూస్తూ కూర్చుంటాను. (“నువ్వలా గుచ్చి గుచ్చి చూస్తే అది సిగ్గుపడి మారదు” అంటాడు మా ఆయన.) ఈ బెంగ నాకు ఎక్కడ అంటుకుందో నాకు బాగా తెలుసు. ఊటీలో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఊటీకి ముందు ఆసుపత్రి వరండాలో.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా అమ్మ కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ అన్నారు. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళబోతూ ఉంటే, ఎప్పుడూ ఏదీ అడగని అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. “ఏవండీ, నేను లేస్తే ఒక్కసారి ఊటీ తీసుకెళ్తారా? అక్కడ మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయంట. పైవాటా వదిన చెప్పింది” అంది. పైవాటా ఆంటీ అంతకుముందు వేసవిలో ఊటీ వెళ్ళొచ్చి, ఏడాదంతా మా మెట్ల మీద నిలబడి “పాలు పొంగినట్టే అనుకో వదినా!” అని చేతులు తిప్పుతూ చెప్పింది. అమ్మ పుట్టింది కొల్లేటి పక్క లంక గ్రామంలో. అక్కడ చెరువు గట్టే ఎత్తయిన చోటు. “పుట్టి బుద్ధెరిగాక ఏదీ పైనుంచి చూడలేదండీ” అంది. నాన్న, “గుణదల కొండ ఉందిగా, ఎల్లుండే ఎక్కిస్తా” అన్నాడు. ఆ స్థితిలో కూడా అమ్మ ఓపిగ్గా, “దాని మీంచి చూస్తే మళ్ళీ మన పటమటే కదండీ కనపడేది” అంది. తలుపులు మూసుకున్నాయి. నాన్న ఆ తలుపులకి చెప్పాడు, “తీసుకెళ్తానే.”

గడ్డ తీసేశారు. ప్రస్తుతానికి భయం లేదు గానీ కొన్నేళ్ళపాటు పరీక్షలు చేయిస్తూ ఉండాలన్నారు. పెద్దవాళ్ళు అందులో “భయం లేదు” అన్న ముక్క తీసుకున్నారు. నేను “ప్రస్తుతానికి” అన్న ముక్క తీసుకున్నాను. తీసుకుని, ఎవరికీ చెప్పకుండా దేవుడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. అమ్మ ఊటీలో కాళ్ళ కింద మబ్బుల్ని చూస్తే ఇక ఆ జబ్బు తిరిగి రాదు. చూడకపోతే... ఆ రెండో సగం నేను ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు. (దేవుడు ఒప్పుకున్నాడో లేదో కనుక్కోవాలని కూడా తోచలేదు. పదహారేళ్ళ వయసులో ఒప్పందాలన్నీ అలా ఒకవైపు సంతకంతోనే నడిచిపోతాయి.)

వేసవిలో బయలుదేరాం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. స్వెట్టర్లు కొనాలంటే నాన్న నవ్వాడు. “పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి బతికేవోణ్ణి. నాకు చలి గురించి చెప్తారేంటే మీరు?” అన్నాడు. అమ్మకి ఒక శాలువా మాత్రం తీసుకున్నాడు. సామాను సర్దడం కూడా తన వృత్తి ప్రకారమే చేశాడు. పాడవకూడనివన్నీ ఒకచోట ఉండాలన్నది ఆయన సూత్రం. అందుకని చేపలు పంపించే థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చి, నాయనమ్మ చేత చింతపండు పెట్టి తోమించి, నిమ్మడిప్పలతో రుద్దించి, రెండ్రోజులు డాబా మీద ఎండబెట్టించాడు. అందులో అమ్మకి పథ్యపు పొడులు, నెయ్యి సీసా, అన్నిటికంటే అడుగున అమ్మ మాత్రలు పెట్టి, కొబ్బరి తాడుతో కట్టాడు. నాయనమ్మ పెట్టెలో ముక్కు పెట్టి వాసన చూసి, “ఏమీ లేదురా అబ్బాయ్, గుళ్ళో పెట్టుకోవచ్చు” అంది. అందరం చూశాం. నిజంగానే ఏమీ లేదు. తరతరాలుగా చేపల మధ్య బతికిన నాలుగు ముక్కులు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు అది.

రైల్లో ఎదుటి సీటువాళ్ళు కిటికీ తెరిచారు. కాసేపటికి సీట్లు మార్చుకున్నారు. “పాపం, గాలి ఆడక” అంది నాయనమ్మ. ఊటీలో దిగాక అసలు సంగతి మా కంటే ముందు కుక్కలకి తెలిసింది. కొండ ఊరి కుక్కలు బొచ్చుతో, బొద్దుగా, చాలా గౌరవంగా కనిపించాయి. మేం కారు దిగిన ప్రతిచోటా ఒకటీ రెండూ లేచి, ఒళ్ళు విరుచుకుని, మా వెనకాల నడిచేవి. “చూశావా, అతిథి మర్యాదలు” అన్నాడు నాన్న. అప్పటికే ఆయన నాయనమ్మ దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఐసు అనుభవం మాట మేమెవరం ఎత్తలేదు. కారు డ్రైవరు తమిళాయన. ఆయనకి ఊరంటే పాయింట్లే. “ఇది ఒక పాయింట్ సార్, ఫోటో తీసుకో సార్, నెక్స్ట్ పాయింట్ పోదాం సార్” అంటూ మమ్మల్ని తోలుకెళ్ళాడు. తోట చూశాం, సరస్సు చూశాం (“మన కొల్లేట్లో ఇది ఓ మూల” అన్నాడు నాన్న). కానీ లోయ కనిపించాల్సిన ప్రతి పాయింట్లోనూ కమ్మీలకి అవతల తెల్లటి గోడ. కింద లేదు, పైన లేదు, ఏమీ లేదు. అమ్మ కమ్మీ పట్టుకుని కాసేపు ఆ తెలుపులోకి చూసి, “పోనీలెండి, చల్లగా ఉంది” అనేది. అలా అన్నప్పుడల్లా నేను ఇంకా ఎన్ని పాయింట్లు మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని.

చివరి రోజు పొద్దున ఆఖరి పాయింటుకి వెళ్ళాం. మధ్యాహ్నం కొండ దిగిపోవాలి. అక్కడా అదే గోడ. డ్రైవరు ఇంజను ఆపకుండానే, “ఇవాళ కనపడదు సార్, పోదాం సార్” అన్నాడు. నాన్న పెట్టె దింపి కమ్మీల దగ్గర పెట్టి, దాని మీద నాయనమ్మని కూర్చోబెట్టి, తను నేల మీద బాసింపట్టు వేశాడు.

“ఇదిగో, కొల్లేట్లో పొగమంచు పడితే మేం ఏం చేస్తామో తెలుసా నీకు? దోనె గట్టుకి కట్టేసి కూర్చుంటాం. ఎండ పొడిస్తే అదే లేచిపోద్ది.”

“ఇది మంచు కాదు సార్. మబ్బు సార్.”

“మబ్బైతే? దానికి మాత్రం ఎండ తగలదా?”

డ్రైవరు ఇంజను ఆపేశాడు. మేం కూర్చున్నాం. ఎండ రాలేదు. మబ్బు కొల్లేటి మంచులా కాక, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన చుట్టంలా తాపీగా అటూ ఇటూ తిరిగింది. అమ్మ శాలువా తడిసింది. ఒకసారి దగ్గింది. నేను ఆ దగ్గుని ఎన్నిరకాలుగా అర్థం చేసుకోవచ్చో అన్నిరకాలుగా చేసుకున్నాను. “ఇక లేవండీ, మీరు వణికిపోతున్నారు” అంది అమ్మ. “వణకట్లేదు” అన్నాడు నాన్న, పళ్ళు టకటకలాడుతుంటే. ఆయన ముఖంలో ఆ పూట ఉన్నది మొండితనం కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆయన కూడా ఏదో ఒప్పందం మీదే కూర్చుని ఉంటాడు.

సరిగ్గా అప్పుడు నాయనమ్మ, కాళ్ళు పట్టేశాయని పెట్టె మీంచి లేచింది. అంతసేపూ మర్యాదగా కూర్చున్న ఒక గోధుమరంగు కుక్క, అదే అదనుగా, కొబ్బరి తాడు నోట కరుచుకుని పెట్టెని ఈడ్చుకుంటూ మబ్బులోకి మాయమైంది. నాన్న కేక పెట్టాడు. “ఓర్నాయనో, మాత్రలు! మీ అమ్మ మాత్రలన్నీ అందులోనే ఉన్నాయే!”

పాయింటు నుంచి కిందికి ఒక బాట మెలికలు తిరుగుతూ తేయాకు తోటల్లోకి దిగుతుంది. థర్మాకోల్ పెట్టె రాళ్ళ మీద కొట్టుకుంటున్న చప్పుడు వింటూ ఆ బాట వెంట పరిగెత్తాం. నాన్న ముందు పరిగెత్తాడు గానీ దుప్పటి కాళ్ళకి అడ్డం పడి ఒకసారి కూర్చున్నాడు. నా చెప్పు ఒకటి తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తాను. (విసురుదామనో, పోతే అమ్మ తిడుతుందనో, ఇప్పటికీ తెలియదు.) మా ఇద్దరినీ దాటుకుని నాయనమ్మ పోయింది. లంకలో ఎండుచేపల మీద పడే కుక్కల్ని జీవితమంతా తోలిన మనిషి ఆవిడ. ఆ కాళ్ళకి కీళ్ళనొప్పులు గుర్తురాలేదు. “ఛ్ఛెయ్! చచ్చినదానా! ఛ్ఛెయ్!” అని ఆవిడ వేసిన కేక అవతలి కొండని తాకి మళ్ళీ మా మీదికే వచ్చింది. ఆ కేకకి కుక్క తాడు వదిలేసి, బొత్తిగా చదువూ సంస్కారం లేనివాళ్ళని చూసినట్టు మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది. మాత్రలు క్షేమం. నెయ్యి సీసా పగిలింది.

రొప్పుతూ పైకి ఎక్కొచ్చేసరికి అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ముఖం ఎర్రగా, కళ్ళనిండా నీళ్ళు. నాన్న పెట్టె వదిలేసి ఉరికాడు. “ఏమైందే? నొప్పా?”

“కాదండీ. మబ్బు తీసింది. చూశాను.”

నాన్న లోయవైపు తిరిగాడు. తెల్లటి గోడ. బండి తప్పిపోయినవాడిలా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేనే అడిగాను. “అమ్మా, నిజంగా కాళ్ళ కిందేనా మబ్బులు?” “కాళ్ళ కిందే” అంది. నేను కుంటుకుంటూ వెళ్ళి ఆవిడ శాలువాలో తల దూర్చేశాను. కారులో నాన్న, నాయనమ్మ ఒకరినొకరు కుక్క విషయమై తిట్టుకుంటూ ఉంటే, అమ్మ కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకుంది.

అనుమానం ఇంటికొచ్చాక మొదలైంది. పైవాటా ఆంటీ మెట్లు దిగొచ్చి, “ఎట్టా ఉంది వదినా?” అంటే అమ్మ, “పాలు పొంగినట్టే ఉంది వదినా” అంది. ఆంటీ సంతృప్తిగా వెళ్ళిపోయింది. నాన్న మాత్రం గుమ్మంలోనే నిలబడి, “ఆ ముక్క ఆవిడదేగా! నువ్వేం చూశావో నువ్వు చెప్పు” అన్నాడు. “చూశాను అన్నానుగా” అంది అమ్మ. నాకు ఆ పూట అన్నం సయించలేదు. మా అమ్మ, కూర చాలకపోతే “నేను ముందే తినేశాను” అని చెప్పే మనిషి. మొగుడు చలిలో వణుకుతుంటే, ఆయన్ని లేపడానికి “చూశాను” అనలేదా? అంటే నా ఒప్పందం చెల్లినట్టా, చెల్లనట్టా? పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ ఆ వరండాలో కూర్చుని అదే ఆలోచించేదాన్ని. ప్రతిసారీ రిపోర్టు మంచిదే వచ్చింది. చివరికి డాక్టరుగారు, “ఇక రానక్కర్లేదమ్మా” అన్నారు. అప్పుడు కూడా నేను అమ్మని అడగలేదు. చూడలేదని చెబుతుందేమోనని భయం.

మొన్న సామాను సర్దుతూ, రెండో థర్మామీటరు ఎక్కడ పెట్టాలో తోచక అమ్మకి ఫోన్ చేశాను. మాటల్లో, ఇన్నేళ్ళకి, అడిగేశాను. “అమ్మా, ఆ రోజు ఊటీలో నిజంగా చూశావా?”

“చూశానే బాబూ. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఏం చూశావు మరి? లోయా?”

“లోయ ఎక్కడ కనపడింది! అటంతా తెలుపే. మీరు పోయిన వైపు తీసింది. కింద మెలికలో మీ నాన్న దుప్పటి తొక్కుకుని పడ్డం, నువ్వు చెప్పు చేత్తో పట్టుకుని ఎగరడం, మీ నాయనమ్మ మీ ఇద్దర్నీ దాటుకుని పోవడం, అంతా పైనుంచి చూశాను. మీ మోకాళ్ళదాకా మబ్బే. కుట్లు ఊడిపోతాయేమోనని పొట్ట పట్టుకుని నవ్వాను. నా మాత్రల కోసం అలా పడి పరిగెడుతున్నారే అని ఏడుపూ వచ్చింది. అది మీ నాన్నకి ఎట్టా చెప్పమంటావు? పడ్డం చూశానని చెప్తే ఊరుకుంటాడా?”

వెనకాల నాన్న గొంతు వినిపించింది. “ఎవరూ, అమ్మాయా? కొండకి పోతుందిగా, మందులూ అవీ పాడవకుండా ఒక పెట్టె పంపిస్తానని చెప్పు. మీ అమ్మ చేత తోమిస్తా, వాసనేం ఉండదు.”

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, ఆ ఎత్తున నిలబడి చూస్తే నేనెలా ఉండి ఉంటానో ఊహించుకున్నాను. ఒక కాలికి చెప్పు, ఒక చేతిలో చెప్పు, మోకాళ్ళదాకా మబ్బు. అమ్మ మబ్బుల్ని చూసిందో లేదోనని ఇన్నేళ్ళు బెంగపడిన ఆ పిల్ల, తనే ఆ మబ్బుల్లో ఉందని తెలియక, ఎంత దీక్షగా పరిగెడుతోందో!