ఆషాఢంలో పేరు పెట్టిన డిస్కు

కడపలో ఒక చీరల షావుకారు దగ్గర నేను కంప్యూటర్ ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో నాకు పొగరు కాస్త ఎక్కువే. ఎంసీఏ చదివాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టగలను. కింద అంగట్లో చీరలు మడిచేవాళ్లకు ఆ విద్య రాదు. తల ఎగరేయడానికి అంతకంటే ఏం కావాలి?

పాత నేత చీరల అంచులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని షావుకారుకు బుద్ధి పుట్టింది. అందుకు దొరికిన మనిషి ఒక ముసలి నేతగాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. యాభై ఏళ్లుగా గళ్ల కాగితాల మీద తన చేత్తో గీసుకున్న అంచులను ఆయన గుడ్డసంచిలో తెచ్చేవారు. నేను వాటిని స్కానర్ కింద పరిచేదాన్ని. ఆ కాగితాలకు వయసైపోయింది, మడతల దగ్గర చిరిగి ముక్కలయ్యేవి. ఆయన ఆ ముక్కలను కూడా పారేయకుండా సంచిలో వేసుకునేవారు. మళ్లీ గీద్దామంటే చూపు మందగించింది.

రెండు నెలలకే స్కానింగ్ కంప్యూటర్ నిండిపోయింది. అప్పుడు నేను నా ప్రతిభ చూపించాను. మూలన పెట్టిన ఒక పెట్టెలో పెద్ద డిస్కు బిగించి, దాన్ని వైరు ద్వారా స్కానింగ్ కంప్యూటర్‌కు సొంత డిస్కులాగా కనిపించేలా చేశాను. అలా చూపించేదాన్ని టార్గెట్ అంటారు. మౌస్ అక్కర్లేదు, అంతా కమాండ్లతోనే. చిక్కల్లా ఒకటే. కమాండ్‌తో చెప్పిన మాట ఆ పెట్టెకు కరెంటు ఉన్నంతసేపే గుర్తుంటుంది. ఎప్పటికీ ఉండాలంటే ఒక ఫైల్లో కూడా రాసిపెట్టాలి. మా ఊళ్లో కరెంటు ఎంత నమ్మకస్తురాలో తెలుసు గనుక మొదటి రోజే రాసిపెట్టాను.

ఆ సంగతి తెలిసి తాత ఒక మాట అడిగారు. వాళ్ల ఇళ్లలో ఏ అంచు గీసినా రెండు కాగితాల మీద గీస్తారట. ఒకటి మగ్గం దగ్గర, రెండోది ఇంకొకరి ఇంట్లో. ఈయన రెండో మూట వేంపల్లెలో తమ్ముడి ఇంట్లో ఉండేది.

"మా తమ్ముడోల్లు ఇల్లు మారుతాండారు మ్మా. ఆ మూట ఇంకా కావాల్నా అని అడుగుతాండారు."

"ఎందుకు తాతా, అన్నీ ఈ పెట్టెలో ఉండాయి గదా. ఏం పోవు," అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలాగా.

వేంపల్లెలో ఆ మూట నీళ్ల పొయ్యిలోకి పోయింది. పిల్లలు వేడినీళ్లు పోసుకున్నారు.

ఇక పేరు సంగతి. ప్రతి టార్గెట్‌కూ ఒక పొడుగాటి పేరు ఉండాలి, అందులో సంవత్సరం, నెల అంకెల్లో ఉండాలి. నిజానికి ఆ నెల ఫలానాదే కావాలని పెట్టె పట్టుబట్టదు. నేను బద్ధకించి అప్పుడు నడుస్తున్న నెలే వేశాను. ఒకరోజు షావుకారు నా వెనక నిలబడి తెర చదివారు.

"ఈ ఏడో నెంబరు ఏందమ్మా?"

"జూలై సార్."

"జూలై అంటే ఆషాడం గదమ్మా. ఆషాడంలో ఎవురన్నా పేరు పెడతారా? శ్రావణం రానీ, మంచి రోజు చూసి మారుద్దాం."

కింద ఆయన అంగడి ముందు 'ఆషాఢం ఆఫర్, సగం ధరకే' అన్న బ్యానర్ వేలాడుతోంది. ఆషాఢంలో చీరలు అమ్ముకోవచ్చు, డిస్కుకు పేరు మాత్రం పెట్టకూడదు. ఆ శాస్త్రం ఎక్కడుందో అడిగే ధైర్యం నా జీతానికి లేదు.

శ్రావణ శుక్రవారం పొద్దున పురోహితుడు వచ్చాడు. ముందు ముందు చోటు చాలదని ఆ వారమే పెట్టెలో ఇంకో కొత్త డిస్కు కూడా బిగించాను. పెట్టెకు పసుపూ కుంకుమా, మీద చామంతులు. పురోహితుడికి ఉక్క పోయకుండా ఫ్యానూ, గుమ్మానికి రంగుల దీపాలూ షావుకారు, కరెంటు పోతే పెట్టెను కాసేపు ఆదుకునే మా యూపీఎస్‌కే తగిలించారు. తన కాగితాలకు పూజ అనుకుని తాత కూడా ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

టార్గెట్ పేరు ఉన్నపళాన మార్చడం నాకు తెలిసి కుదరదు. పాతదాన్ని తీసేసి, కొత్త పేరుతో ఇంకొకటి పుట్టించి, డిస్కును దానికి తగిలించాలి. "మూర్తం దాటిపోతాండాది," అని పురోహితుడు నా నెత్తి మీద గంట కొడుతుంటే కమాండ్లు కొట్టాను. స్కానింగ్ కంప్యూటర్ దగ్గర మౌస్ పట్టుకుని షావుకారు సిద్ధంగా ఉన్నారు. ప్రారంభోత్సవం ఆయన చేతుల మీదుగానే జరగాలి మరి.

"ఏందో అడుగుతాండాది, ఫార్మాట్ చేయాల్నా అని. ఎస్ కొట్టినా."

ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం. నేను వెనక్కి తిరిగేసరికి అయిపోయింది. తెర మీద తెల్లగా, ఖాళీగా, కొత్త డిస్కు. పురోహితుడు టెంకాయ కొట్టాడు. అదే సమయానికి కరెంటు పోయింది. ఫ్యానునూ దీపాలనూ మోసి మోసి అలసిపోయిన యూపీఎస్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది.

తాత కుర్చీలోంచి లేవలేదు. "పోయినాయా మ్మా?" అని అడిగారు.

"తెలీదు తాతా," అన్నాను. ఆ ఆఫీసులో ఆ మాట నా నోట రావడం అదే మొదలు. గంటసేపు కరెంటు లేదు. షావుకారు అందరికీ ప్రసాదం పంచారు. నా చేతిలో పులిహోర ఆకు అలాగే ఉండిపోయింది. నీళ్ల పొయ్యిలో కాలిన ఆ మూటే తలపుకొస్తుంటే, కిటికీ వైపు తిరిగి ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

కరెంటు వచ్చింది, పెట్టె లేచింది. కొత్త పేరు దానికి గుర్తు లేదు, తొందరలో దాన్ని నేను ఫైల్లో రాయనేలేదు. ఫైల్లో రాసున్నది చదువుకుని, ఆషాఢం పేరుతోనే పాత డిస్కును చూపించింది. స్కానింగ్ కంప్యూటర్‌కు కలిపి చూస్తే అంచులన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. జరిగింది అప్పటికి అర్థమైంది. ముహూర్తం తొందరలో నేను అంచులున్న డిస్కుకు బదులు, కొత్తగా కొని బిగించిన డిస్కును తగిలించాను. షావుకారు ఫార్మాట్ చేసింది ఆ ఖాళీ డిస్కును. నా తప్పే ఆయన తప్పు నుంచి అంచులను కాపాడింది. అందులో నేను గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"చూసినావా, శ్రావణం బలం," అన్నారు షావుకారు. అవును సార్ అన్నాను. ఆషాఢం పేరును మళ్లీ ముట్టుకోలేదు.

తాత తెర దగ్గరికి వచ్చి ఒక అంచు తెరిపించుకుని, గళ్లను వేలితో లెక్కపెట్టుకుంటూ పోయారు. తృప్తిపడ్డాక నా వైపు తిరిగారు.

"రెండోది యాడుండాది మ్మా?"

సిగ్గేసింది. ఆ ఖాళీ డిస్కుకు శ్రావణం పేరే పెట్టి, అన్నీ దాంట్లోకి కాపీ పెట్టాను. సాయంత్రం దాకా పట్టింది. ఆయన అన్నానికి కూడా లేవలేదు. ఇంటికి వెళ్లండని చెప్పే మొహం నాకు లేదు. అయ్యాక రెండూ పక్కపక్కన తెరిచి చూపించాను.

"రెండూ ఈ పెట్టెలోనే ఉండాయా?"

"అవును తాతా."

"మరి రెండోది యాడుండాది?" అని మళ్లీ అదే అడిగి, గుడ్డసంచి మూతి తెరిచి పట్టుకున్నారు.

స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ కొత్త డిస్కు విప్పాను. చీర కవర్లో చుట్టి, ఆ చిరుగు ముక్కల మీద పెట్టాను. షావుకారుకు చెప్పలేదు. వేంపల్లె బస్సు దాకా నేనే సంచి మోశాను. ఎక్కబోతూ ఆయన ఆగారు.

"దీన్ని నీళ్ల పొయ్యి కాడ పెట్టొద్దని చెప్పాల్నా మ్మా?"

"చెప్పండి తాతా," అన్నాను.